గిరీశానికి పెళ్ళి చేసిందెవరు?

నమస్కారమండీ. వెనక వరస వాళ్ళకి వినబడుతోందా? ఈ మైకు కాస్త గరగరమంటోంది, సర్దుకోండి.

మొన్నామధ్య మా మేనకోడలు, డిగ్రీ రెండో ఏడాది, ఫోన్ చేసి "మావయ్యా, కన్యాశుల్కంలో చివరికి గిరీశం బుచ్చమ్మని పెళ్ళి చేసుకుంటాడు కదా" అంది. చేసుకోడమ్మా అన్నాను. "అదేంటి, నేను చూస్తేను!" అంది. చూసింది, అబద్ధం కాదు. 1955లో పి. పుల్లయ్య తీసిన సినిమాలో వాళ్ళిద్దరికీ పెళ్ళయిపోతుంది. పిల్ల పుస్తకంలో చదివింది మాత్రం పరీక్షకి వచ్చే రెండు సీన్లే.

గురజాడ రాసిన నాటకంలో ఆ ఆఖరి సీను ఎక్కడో కాదు, మన విశాఖపట్నంలోనే, వకీలు సౌజన్యారావు పంతులు ఇంట్లో. పెద్ద సంస్కర్తలా ఫోజు కొట్టి గిరీశం ఆయన్ని బుట్టలో వేశాడు, వితంతువైన బుచ్చమ్మని లేవదీసుకొచ్చాడు, ఇక పెళ్ళే తరువాయి అనుకుంటుండగా వేశ్య మధురవాణి మూలంగా బండారం బయటపడుతుంది. బుచ్చమ్మని పూనా వితంతువుల హోముకి పంపి చదివిస్తామని పంతులుగారు తేల్చేస్తారు. గిరీశం "డామిట్! కథ అడ్డంగా తిరిగింది" అంటాడు. అంతే, తెర.

అసలు వీడెవడండీ? సంతసామాను తెస్తానని పూటకూళ్ళమ్మ దగ్గర 20 రూపాయలు పట్టుకుపోయి మధురవాణికి తగలేసినవాడు. ఆ సంగతి మొదటి సీన్లో తనే చెప్పుకుంటాడు, కించిత్తు సిగ్గు లేకుండా. అలాంటివాడికి ఎన్టీ రామారావు ముఖం పెట్టాక మనకి కోపం ఎక్కణ్ణుంచి వస్తుంది? హీరో ఎన్ని వేషాలేసినా ఆఖర్న మారాలి, మారాక తాళి కట్టాలి, జనం నవ్వుతూ ఇంటికెళ్ళాలి. డబ్బు పెట్టినవాడి భయం నాకూ అర్థమవుతుంది, కాదనను. కానీ నష్టపోయింది బుచ్చమ్మ. పుస్తకంలో ఆవిడకి చదువు దొరికింది, సినిమాలో గిరీశం దొరికాడు.

పాట సంగతి ఇంకా తమాషా. సినిమాలో మధురవాణి పాడే "ఆనందం అర్ణవమైతే" గురజాడ రాశాడనుకునేవాళ్ళు నాకు ఈ ఊళ్ళోనే తగిలారు. అది శ్రీశ్రీ గీతం, మహాప్రస్థానంలో "అద్వైతం" పేరుతో ఉంది. కన్యాశుల్కం రెండో కూర్పు 1909లో వస్తే, శ్రీశ్రీ 1910లో ఈ విశాఖలో పుట్టాడు. వరసేమో గానీ, అతుకు కనబడనంత బాగా అతికింది, అదీ చిక్కు.

అలాగని మూలం పవిత్రం, ముట్టుకోకూడదు అనే రకం కాదు నేను. 1892లో ఆడిన నాటకాన్ని, 1897లో అచ్చయినదాన్ని, గురజాడే 1909కి వచ్చేసరికి దాదాపు కొత్త నాటకంలా తిరగరాశాడు. ఇక మధురవాణి మాటలు చదువుతుంటే నా చెవిలో మోగేది సినిమాలో ఆ వేషం కట్టిన సావిత్రి గొంతే. నాకు దాంతో పేచీ లేదు, నిజం చెప్పాలంటే ఆ గొంతు లేకపోతే కొన్ని మాటల్లో వెటకారం నాకు అంది ఉండేది కాదు.

కొన్ని పుస్తకాలకి ఈ గొడవ కూడా లేదు. "ఛాలెంజ్" సినిమా అంటే పాటలతో సహా చెప్తారు, అది యండమూరి "డబ్బు టు ది పవర్ ఆఫ్ డబ్బు" నవల అంటే "ఓహో అలాగా" అంటారు. సినిమా అక్కడ నవలని మార్చలేదు, దాని కుర్చీలో తను కూర్చుంది.

సరే, నా ఉపన్యాసం చాలు. నాటకంలో ఆ ఆఖరి సీను జిరాక్సులు తెచ్చాను, ఒకటి తీసుకుని పక్కవాళ్ళకి అందించండి. సౌజన్యారావు పంతులు నేను చదువుతాను. మధురవాణికి ఎవరైనా అమ్మాయి రండమ్మా. గిరీశం ఎవరు? మీరా? రండి బాబూ, కానీ ఒక్క షరతు, రామారావుగారి గొంతు పెట్టకూడదు.