లెక్క తప్పేది హెచ్చవేతలోనే

సభాధ్యక్షులకు, నిర్వాహకులకు, విదేశ ప్రయాణానికి సిద్ధమవుతున్న పిల్లలకు, వాళ్ళను పంపించడానికి మనసు గట్టి చేసుకుంటున్న పెద్దలకు నమస్కారం. నా గురించి పరిచయంలో చాలా చెప్పారు. ఈ రోజుకు అందులో పనికొచ్చేది ఒక్కటే: 2009 నుంచి 2017 చివరిదాకా నేను జపాన్‌లో ఉద్యోగం చేశాను. మిగతావి పక్కన పెట్టేద్దాం.

విదేశంలో ఆర్థికంగా నిలదొక్కుకోవడం ఎలా అని నాకు విషయం ఇచ్చారు. ఇల్లు, పన్ను, బీమా, పొదుపు అని వరసగా రాసుకొచ్చాను. ముందు ఇల్లు.

వెళ్ళిన మొదటి నెల డబ్బు నీళ్ళలా పోతుంది. జపాన్‌లో అద్దె ఇల్లు తీసుకోవాలంటే మొదటి నెల అద్దెతో పాటు 'షికికిన్' అనే డిపాజిట్ కట్టాలి. చాలా ఇళ్ళకు 'రేకిన్' అని ఇంకొకటి ఉంటుంది. అది ఇంటివారికి ఇచ్చే కానుక, తిరిగి రాదు. ఆపైన ఏజెంటు రుసుము, మీకు హామీ ఉండే కంపెనీకి రుసుము. తాళం చేతికొచ్చేసరికి నాలుగైదు నెలల అద్దె ఖర్చయిపోతుంది. లోపలికి వెళ్తే కర్టెను ఉండదు, చాలాసార్లు లైటు కూడా ఉండదు. జర్మనీలో చాలా అద్దె ఇళ్ళల్లో వంటగదే ఉండదు. అంటే గది ఉంటుంది, పొయ్యి, సింకు, అలమరాలు మీరే తెచ్చుకోవాలి. బ్రిటన్ వెళ్ళేవాళ్ళయితే వీసా దరఖాస్తుతోనే ఆరోగ్య సేవల రుసుము మొత్తం కాలానికి ముందుగా కట్టాలి. 2024 ఫిబ్రవరి నుంచి పెద్దవాళ్ళకు అది ఏడాదికి 1,035 పౌండ్లు. మూడేళ్ళ వీసా అంటే మూడేళ్ళదీ ఒకేసారి. ఇవేవీ ఆఫర్ లెటర్‌లో కనపడవు.

ఇక పన్ను. నిజానికి పన్ను గురించే ఎక్కువ చెప్పాలనుకున్నాను. కానీ ఇందాక నేను వేదిక ఎక్కే ముందు ఒక అబ్బాయి వచ్చి కాగితం చూపించాడు. ఉద్యోగం వచ్చిందట, చాలా సంతోషంగా ఉన్నాడు. నేను కాగితం చదివేలోపు ఫోన్ తీసి, జీతం పక్కన మారకం రేటు వేసి, హెచ్చవేసి చూపించాడు. "మన డబ్బులో ఇంతవుతుందండీ!" అన్నాడు. పక్కనే నిలబడిన వాళ్ళమ్మగారి ముఖం వెలిగిపోయింది. నాన్నా, నువ్వు ఎక్కడ కూర్చున్నావో కనపడటం లేదు, నిన్ను తప్పుపట్టడానికి చెప్పటం లేదు. కానీ ఆ హెచ్చవేత చూశాక నేను రాసుకొచ్చిన వరస నాకు గుర్తుండటం లేదు. ఒక మనిషి గుర్తొస్తున్నాడు. ఆయన గురించే చెబుతాను.

పేరు చెప్పను. మేమంతా అన్న అనేవాళ్ళం. నాకన్నా రెండేళ్ళ ముందు, 2007లో వెళ్ళాడు. నేను దిగిన రోజు విమానాశ్రయానికి వచ్చి, నా పెట్టె తను మోసి, రైలు టిక్కెట్టు తను కొని, మర్నాడు మునిసిపల్ ఆఫీసుకు తీసుకెళ్ళి నా చిరునామా నమోదు చేయించింది ఆయనే. మొదటి జీతం వచ్చేదాకా వదిన చేతి అన్నమే తిన్నాను. అంత జాగ్రత్త తెలిసిన మనిషి.

2011 చివర్లో, 2012లో యెన్ చాలా బలంగా ఉండేది. డాలరుకు 76, 80 యెన్లు. 2011 అక్టోబరులోనైతే రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఎన్నడూ లేనంత బలానికి చేరింది. మా ఆఫీసులో భోజనాల వేళ అందరం హెచ్చవేసుకునేవాళ్ళం. జీతం పెరగలేదు, అయినా నెల నెలా పెరిగినట్టే ఉండేది. ఆ రోజుల్లోనే అన్న సొంత దేశంలో ఇల్లు కొన్నాడు. అప్పు అక్కడి బ్యాంకులో, అక్కడి డబ్బులో. కిస్తు తన జీతంలో మూడో వంతు అవుతుందని లెక్క వేశాడు. కాగితం మీద వేసి నాకూ చూపించాడు. నేను చూసి, బాగుందన్నాను.

2012 చివరి నుంచి యెన్ జారడం మొదలైంది. 2015 మధ్యకు వచ్చేసరికి డాలరుకు 125 దాకా వెళ్ళింది. దీని అర్థం ఏమిటో ఒక్కసారి వినండి. రెండు లక్షల యెన్లు తీసుకోండి. డాలరుకు 80 ఉన్నప్పుడు అవి 2,500 డాలర్లు. 125 అయినప్పుడు 1,600. అదే మనిషి, అదే కుర్చీ, అదే పని, జీతం చీటీలో అదే అంకె. అన్నకు మూడో వంతు ఉండాల్సిన కిస్తు సగానికి దగ్గరపడింది. తప్పు ఎవరిది? ఎవరిదీ కాదు. ఒక దేశపు డబ్బులో సంపాదిస్తూ ఇంకో దేశపు డబ్బులో బాకీ పడ్డాడు, అంతే. ఆయన ఆఫీసు అయ్యాక రాత్రిళ్ళు ఓవర్‌టైమ్ చేయడం మొదలుపెట్టాడు. శీతాకాలం గదిలో హీటరు ఆపేశాడు. వదిన పంటి నొప్పి వాయిదా వేసుకుంటూ పోయింది. దుకాణంలో ఏ వస్తువు ముట్టుకున్నా ఆయన మనసులో హెచ్చవేత నడిచేది: "ఇది మన డబ్బులో ఇంత" అని పెట్టేసేవాడు.

ఈ అలవాటును జాగ్రత్తగా గమనించండి, ఇది అన్న ఒక్కడిదే కాదు. జీతం వచ్చినప్పుడు హెచ్చవేసి గొప్పగా అనుకుంటాం. ఖర్చు పెట్టాల్సినప్పుడు హెచ్చవేసి భయపడతాం. ఆ గొప్పా నిజం కాదు, ఆ భయమూ నిజం కాదు. యెన్లలో బతికే మనిషి అద్దె యెన్లలో, రైలు యెన్లలో, మందులు యెన్లలో. ఆ దేశంలో ఆ జీతం ఎంతపాటిదో ఆ దేశపు ధరలే చెప్పాలి.

ఎదురు దిశలోనూ ఇదే జరుగుతుంది. ఇంటి నుంచి డబ్బు తెప్పించుకుని చదువుకునే పిల్లలు ఇది వినాలి. 1997 జూలై 2న థాయ్‌లాండ్ తన డబ్బు బాత్ రేటును కట్టి ఉంచడం మానేసి మార్కెట్‌కు వదిలేసింది. అంతకుముందు డాలరుకు 25 బాత్‌లు. 1998 జనవరికి 50 దాటింది. విదేశాల్లో చదువుతున్న థాయ్ పిల్లల ఫీజు ఆరు నెలల్లో రెట్టింపయినట్టే. చదువు మధ్యలో వదిలి వెనక్కి వెళ్ళిపోయినవాళ్ళున్నారు. ఎప్పటిదో పాత కథ అనుకోకండి. 2023 జూన్‌లో నైజీరియా తన డబ్బు నైరాను అలాగే మార్కెట్‌కు వదిలేసినప్పుడు డాలరుకు 460 దగ్గర ఉన్నది, 2024 ఫిబ్రవరికి 1,500 దాటింది. బ్రిటన్‌లో చదువుతున్న నైజీరియా పిల్లలు రెండో వాయిదా ఫీజు కట్టలేక నలిగిపోయారు. వాళ్ళు తెలివితక్కువ వాళ్ళు కాదు, దుబారా చేసినవాళ్ళూ కాదు.

ఒక్కమాట అడుగుతాను. ఇక్కడున్న ప్రయాణికుల్లో అప్పు చేసి వెళుతున్నవాళ్ళు చేతులెత్తండి. మొహమాటపడకండి. సరే, దింపండి. ఇప్పుడు ఆ అప్పు ఏ డబ్బులో తీర్చాలో, మీ జీతం ఏ డబ్బులో వస్తుందో, రెండూ ఒకటేనని చెప్పగలిగినవాళ్ళు ఎత్తండి.

చూశారు కదా. అందుకే అడుగుతున్నాను, రేటు నాలుగో వంతు మీకు ఎదురు తిరిగితే కిస్తు కట్టగలరా అని ఈ రాత్రి ఇంట్లో కూర్చుని లెక్క వేయండి. కట్టలేకపోతే అప్పు తగ్గించుకోండి, లేదా ప్రయాణం ఆరు నెలలు వెనక్కి జరపండి. ఆరు నెలలకు కొంప మునగదు.

అన్న దగ్గరకే వస్తాను. 2015 శరదృతువులో వాళ్ళ నాన్నగారికి జబ్బు చేసింది. నెల రోజుల్లో అన్నీ సర్దుకుని శాశ్వతంగా వెళ్ళిపోయాడు. ఇక్కడే నేను పన్ను గురించి చెప్పాలి, చెప్పకపోతే అర్థం కాదు. జపాన్‌లో ఆదాయపు పన్ను కాక స్థానిక నివాస పన్ను ఉంటుంది. దాదాపు పది శాతం. ఇది నిరుటి ఆదాయం మీద ఈ ఏడాది జూన్ నుంచి కోస్తారు. కొత్తగా వెళ్ళినవాళ్ళకు మొదటి ఏడాది అది ఉండదు, చేతికి ఎక్కువొస్తుంది, ఇదే నా జీతం అనుకుని ఖర్చులు కుదుర్చుకుంటారు. రెండో ఏడాది జూన్‌లో జీతం చీటీ చూసి అకౌంట్స్ వాళ్ళ దగ్గరకు పరుగెత్తుతారు. నేనూ పరుగెత్తాను. వెళ్ళిపోయేటప్పుడు మిగిలిన నెలలదీ కట్టే వెళ్ళాలి. అన్నకు చివరి జీతంలో అదంతా ఒకేసారి కోశారు. రేపు విమానం అనగా ఆ చీటీ చూసుకుని ఆయన ఏమీ మాట్లాడలేదు.

నేను 2018 జనవరిలో తిరిగొచ్చాను. పెట్టెలు విప్పకముందే అన్నను చూడటానికి వెళ్ళాను. ఇల్లు అమ్మేశారు, అద్దెకుంటున్నారు. కాఫీ అయ్యాక వదిన బీరువాలోంచి గుడ్డలో చుట్టిన చిన్న పుస్తకం తెచ్చింది. నీలం అట్ట. జపాన్ పింఛను పుస్తకం. "ఇది దేనికైనా పనికొస్తుందా? పారేయడానికి మనసొప్పక దాచాను" అంది.

నాకు చేతులు చల్లబడ్డాయి.

అక్కడ ప్రతి ఉద్యోగి జీతంలోంచి నెల నెలా పింఛను చందా కోస్తారు. 2017 సెప్టెంబరు నుంచి మొత్తం 18.3 శాతం, అందులో సగం ఉద్యోగిది, సగం యజమానిది. అంతకుముందు కొంచెం తక్కువ. పదేళ్ళు నిండకుండా దేశం విడిచి వెళ్ళే విదేశీయులు ఆ చందాలో కొంత ఒకేసారి వెనక్కి తీసుకోవచ్చు. అప్పట్లో ఎన్నేళ్ళు కట్టినా గరిష్ఠంగా మూడేళ్ళకు లెక్కగట్టి ఇచ్చేవారు. 2021 ఏప్రిల్ నుంచి దాన్ని ఐదేళ్ళకు పెంచారు. ఇచ్చేటప్పుడు 20.42 శాతం పన్ను పట్టుకుంటారు, దాన్ని కూడా అక్కడ ఒక పన్ను ప్రతినిధిని పెట్టుకుంటే అడిగి తెచ్చుకోవచ్చు. కానీ దరఖాస్తు చేసుకోవడానికి గడువు రెండేళ్ళు. దేశం విడిచి, అక్కడి నివాసం రద్దయిన దగ్గర్నుంచి రెండేళ్ళు.

అన్న వచ్చింది 2015 శరదృతువులో. వదిన పుస్తకం నా చేతిలో పెట్టింది 2018 జనవరిలో. గడువు దాటి మూడు నెలలు కూడా కాలేదు. ఆ దరఖాస్తులో రాయాల్సిన నంబరు ఆ నీలం పుస్తకంలోనే ఉంది. ఆమె గుడ్డలో చుట్టి భద్రంగా దాచింది.

ఆ ఫారం 2016 నుంచీ నా ఆఫీసు సొరుగులో ఉంది. నా కోసం తెచ్చిపెట్టుకున్నాను. నెలకోసారి అన్నతో ఫోన్‌లో మాట్లాడేవాణ్ణి. వర్షాల గురించి, క్రికెట్ గురించి, ఆఫీసులో ఎవరికి ప్రమోషన్ వచ్చిందనే దాని గురించి మాట్లాడుకున్నాం. ఆయనకు తెలిసే ఉంటుందనుకున్నాను. నాకు అన్నీ నేర్పిన మనిషికి నేను చెప్పేదేమిటనుకున్నాను. కంపెనీ కూడా ఆయనకు చెప్పలేదు. చివరి రోజు సంతకాలు పెట్టించుకున్న కాగితాల్లో ఆ ఫారం లేదు. ఎనిమిదేళ్ళు నెల నెలా కోసిన కంపెనీకి ఒక కాగితం చేతిలో పెట్టడానికి తీరిక దొరకలేదు. ఇన్నేళ్ళయినా నాకు ఆ కోపం పోలేదు.

అందుకని ఇలాంటి సభలకు ఎవరు పిలిచినా వస్తాను. ఏ విషయం ఇచ్చినా చివరికి ఇదే చెబుతాను.

చాలా దేశాల్లో మీ పనికి వచ్చే సొమ్ములోంచి ఏదో ఒకటి దాచిపెడతారు. దాన్ని తెచ్చుకునే పద్ధతి వేరు, గడువు వేరు. ఆస్ట్రేలియాలో తాత్కాలిక వీసా మీద పనిచేసినవాళ్ళు దేశం విడిచాక తమ 'సూపర్' సొమ్ము, అంటే రిటైర్మెంటు కోసం యజమాని కట్టిన సొమ్ము, అడిగి తీసుకోవచ్చు. ఆరు నెలలదాకా అడగకపోతే అది ఫండ్ నుంచి పన్నుల శాఖకు వెళ్తుంది, అక్కడ అడగాలి. జర్మనీలో పింఛను హక్కు రావాలంటే 60 నెలల చందా కావాలి, అమెరికాలో 40 క్రెడిట్లు, అంటే సుమారు పదేళ్ళ పని. 58వ నెలలో రాజీనామా ఇచ్చే ముందు ఆ అంకె తెలిసి ఉండాలి కదా! రెండు దేశాల మధ్య సామాజిక భద్రత ఒప్పందం ఉంటే అక్కడి ఏళ్ళూ ఇక్కడి ఏళ్ళూ కలిపి చూస్తారు. అలాంటప్పుడు తొందరపడి ఒకేసారి సొమ్ము తీసేసుకుంటే ఆ ఏళ్ళు లెక్కలోంచి పోతాయి. తీసుకోవాలా, ఉంచాలా అన్నది ఎవరికి వారు అడిగి తెలుసుకోవాల్సిందే.

బీమా గురించి, డబ్బు పంపడం గురించి కూడా రాసుకొచ్చాను. సమయం అయిపోతోందని అధ్యక్షులు చీటీ పంపారు. డబ్బు పంపడం మీద ఒక్క ముక్క చెప్పి ముగిస్తాను. 'రుసుము సున్నా' అని రాసుంటే అక్కడ ఆగండి, వాళ్ళ లాభం మారకం రేటులో ఉంటుంది. ఇక్కడి నుంచి వంద పంపితే అక్కడ చేతికి ఎంత అందుతుందో, ఆ చివరి అంకెనే పోల్చి చూడండి. 200 డాలర్లు పంపితే ప్రపంచ సగటున ఆరు శాతానికి పైగా దారిలోనే పోతోందని ప్రపంచ బ్యాంకు లెక్కలు. దాన్ని 2030కి మూడు శాతం లోపుకు తేవాలని ఐక్యరాజ్యసమితి లక్ష్యం పెట్టుకుంది.

పెద్దలకు, ముఖ్యంగా తల్లిదండ్రులకు, చేతులు జోడించి ఒకటి అడుగుతున్నాను. మొదటి ఏడాది పిల్లల్ని నెలకింత పంపమని అడగకండి. పక్కింటివాళ్ళ అబ్బాయి ఎంత పంపాడో చెప్పకండి. మూడు నెలల ఖర్చుకు సరిపడా అక్కడి డబ్బు అక్కడి ఖాతాలో చేరనివ్వండి. దాని పక్కన తిరుగు టిక్కెట్టు డబ్బు చేరనివ్వండి. నాన్నకు జబ్బు చేసిందని తెలిసిన రాత్రి అప్పు కోసం తిరక్కుండా బయల్దేరగలగాలి.

ఇందాకటి అబ్బాయీ, నీ కాగితం నేను పూర్తిగా చదవలేదు. సభ అయ్యాక వెనక తలుపు దగ్గర బల్ల వేయించుకుని కూర్చుంటాను. నువ్వు, అమ్మగారు రండి. మిగతావాళ్ళు కూడా కాగితాలు తీసుకుని రండి. కోతలు ఎక్కడ రాశారో, ఏ కోత వెనక్కి వస్తుందో, ఎన్నాళ్ళలోపు అడగాలో ఒక్కొక్కరిదీ చూసి, ఆ తేదీ మీ పాస్‌పోర్టు కవరు లోపల రాసి పెడదాం. పెన్ను నేనే తెచ్చాను.