తెలియనిదాన్ని తెలియనట్టే రాయాలి: విమానయాన వార్తల్లో ఏఐ

అందరికీ నమస్కారం.

విమానం కూలిన మొదటి గంటలో న్యూస్‌రూమ్‌లో అందరూ అడిగేది ఒకే ప్రశ్న: ఎందుకు కూలింది? ఆ గంటలో దానికి జవాబు ఎవరి దగ్గరా ఉండదు. దర్యాప్తు అధికారులు అప్పటికింకా శకలాల దగ్గరకే చేరి ఉండరు. కానీ ఇప్పుడు మన ప్రతి కంప్యూటర్‌లోనూ ఏఐ ఉంది. అడిగితే చాలు, చక్కటి వాక్యాల్లో ఏదో ఒక కారణం చెప్పేస్తుంది. విమానయాన వార్తలు రాసేవాళ్లకు దీంతో వచ్చే అసలు చిక్కు ఇదే. ఇవాళ నేను ముఖ్యంగా దీని గురించే మాట్లాడతాను.

2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎయిరిండియా 171 కూలిపోయింది. అది బోయింగ్ 787-8. లోపలున్న 242 మందిలో ఒక్కరే బతికారు. కింద ఉన్నవాళ్లతో కలిపి 260 మంది చనిపోయారు. ఆ రోజుల్లో గూగుల్‌లో వెతికిన కొందరికి పైన కనబడే ఏఐ సారాంశం, కూలింది ఎయిర్‌బస్ విమానమని చెప్పింది. గూగుల్ తర్వాత దాన్ని తీసేసింది. మన రంగంలో ఇది చిన్న పొరపాటు కాదు. తయారీదారు పేరు మారితే అనుమానం ఎవరి మీదికి పోతుందో కూడా మారిపోతుంది.

ఇంకాస్త సూక్ష్మమైనవి ఉంటాయి. 2024 డిసెంబర్ 29న దక్షిణ కొరియాలోని ముయాన్‌లో 179 మందిని బలిగొన్న జెజు ఎయిర్ విమానం బోయింగ్ 737-800. 2018లో ఇండోనేసియాలో, 2019లో ఇథియోపియాలో కూలినవి 737-8, అంటే మ్యాక్స్ రకం. రాతలో రెండు సున్నాలే తేడా. ఆ రెండు ప్రమాదాల్లో విమానం ముక్కును దానంతటదే కిందికి నెట్టిన ఎంక్యాస్ సాఫ్ట్‌వేర్ మ్యాక్స్‌లో ఉంది, 737-800లో లేదు. ఈ రెంటినీ కలిపేసిన పేరా చదవడానికి ఎక్కడా తడబడదు, అందుకే సబ్ ఎడిటర్ కంటికి చిక్కకుండా జారిపోతుంది. విమానం రకం, రిజిస్ట్రేషన్, ఇంజిన్ ఈ మూడూ మనిషే మూలపత్రంలో చూసి సరిచూడాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

ఇప్పుడు అహ్మదాబాద్ ప్రాథమిక నివేదిక దగ్గరకు వద్దాం. ప్రమాదం జరిగిన 30 రోజుల్లో అలాంటి నివేదిక రావాలని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ, అంటే ఇకావో, తన 13వ అనుబంధంలో పెట్టింది. దర్యాప్తు మళ్లీ ప్రమాదం జరగకుండా చూడటానికే తప్ప ఎవరి మీదా నేరం మోపడానికి కాదని కూడా అందులోనే ఉంది. మన దేశంలో విమాన ప్రమాదాల్ని దర్యాప్తు చేసే సంస్థ ఏఏఐబీ నివేదిక 2025 జూలైలో వచ్చింది. విమానం నేల విడిచిన సమయం 08:08:39. అది యూటీసీ, అంటే ప్రపంచ ప్రామాణిక సమయం; మన గడియారంలో మధ్యాహ్నం 1:38. మూడు సెకన్ల తర్వాత, ఇంచుమించు 08:08:42కి, రెండు ఇంజిన్ల ఇంధన స్విచ్‌లూ ఒక సెకను తేడాతో 'రన్' నుంచి 'కటాఫ్'కు, అంటే ఇంధనం ఆగిపోయే స్థానానికి, మారాయి. ఎందుకు కట్ చేశావని ఒక పైలట్ అడగడం, నేను చేయలేదని రెండో పైలట్ చెప్పడం రికార్డింగ్‌లో వినిపించాయని నివేదిక రాసింది. అడిగిందెవరు, జవాబిచ్చిందెవరు? అది రాయలేదు.

ఆ ఖాళీని గమనించండి. ఇదే నివేదికను ఏఐకి ఇచ్చి 'కాక్‌పిట్‌లో ఏం జరిగింది, 200 పదాల్లో చెప్పు' అంటే, కెప్టెన్ అడిగాడనో కోపైలట్ అడిగాడనో తేల్చి రాసే అవకాశం బాగా ఉంది. వాక్యానికి కర్త ఉంటే చదవడానికి బాగుంటుంది మరి. పైగా ఇంటర్నెట్ నిండా అప్పటికే ఊహాగానాలున్నాయి, అది చదివి నేర్చుకున్నవీ అవే. కానీ ఆ ఒక్క కర్త వెనక చనిపోయిన మనిషి ఉన్నాడు, అతని ఇంట్లోవాళ్లున్నారు. ఆ కెప్టెన్ వృద్ధ తండ్రి సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. ప్రమాదానికి మీ అబ్బాయిని ఎవరూ తప్పుపట్టలేరని 2025 నవంబర్‌లో కోర్టు ఆయనకు చెప్పింది. ఒక తండ్రికి ఆ మాట కోర్టులో వినాల్సిన అవసరం ఎందుకొచ్చిందో ఈ వృత్తిలో ఉన్న ప్రతి ఒక్కరం ఆలోచించాలి.

అదే నివేదికలో ఇంకో సంగతి ఉంది. ఇంధన స్విచ్‌లు పొరపాటున కదలకుండా ఆపే లాకింగ్ గురించి అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ 2018 డిసెంబర్‌లో ఒక బులెటిన్ ఇచ్చింది. అది సలహా మాత్రమే, తప్పనిసరి ఆదేశం కాదు. అందువల్ల ఆ తనిఖీలు చేయలేదని ఎయిరిండియా చెప్పినట్టు నివేదికలో ఉంది. సారాంశంలో 'సలహా' అన్న మాట ఎగిరిపోతే మిగిలేది 'ఎఫ్‌ఏఏ చెప్పినా ఎయిరిండియా వినలేదు' అన్న శీర్షిక. వివరాల్లో ఒక్క అబద్ధమైనా లేకుండానే వార్త అబద్ధమైపోతుంది.

అలాగని ఏఐని గుమ్మం బయట నిలబెట్టమని నేను అనను. మంత్రి ప్రెస్‌మీట్ ఆడియోను అక్షరాల్లోకి మార్చడానికి, మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ సర్క్యులర్ పాత ప్రతికీ కొత్త ప్రతికీ తేడాలు పట్టడానికి, వందల పేజీల తుది నివేదికలో 'ఫ్లాప్' అన్న మాట ఎక్కడెక్కడ ఉందో వెతకడానికి అది నిజంగా పనికొస్తుంది. వెతికిపెట్టమనండి. దొరికిన పేజీ మాత్రం మీరే తెరిచి చదవండి. కాపీలో ప్రతి అంకె పక్కనా పేజీ నంబర్ లేకపోతే డెస్క్ దాటనివ్వకండి.

రెండు విషయాల్లో మాత్రం నాకు మినహాయింపులు లేవు. ప్రమాద స్థలం ఫొటో పేరుతో ఏఐ బొమ్మ వేయకూడదు, కింద 'ఊహాచిత్రం' అని రాసినా సరే. జనం ఆ బొమ్మను కత్తిరించి పంచుకుంటారు, కింద రాసింది అక్కడే ఉండిపోతుంది. రెండోది, ఒక పైలట్టో మెయింటెనెన్స్ ఇంజినీరో నమ్మి పంపిన పత్రాన్ని బయటి ఏఐ సాధనంలోకి ఎక్కించకూడదు. డ్యూటీ రోస్టర్‌లో పేరు కొట్టేసినా, తేదీ, విమానం నంబర్ కలిపి చూస్తే ఆ మనిషి ఎవరో కంపెనీకి నిమిషంలో తెలిసిపోతుంది. ఉద్యోగం పోయేది అతనిది.

తప్పు జరిగితే జవాబు చెప్పేదెవరన్న ప్రశ్నకు కోర్టుల్లో ఇప్పటికే కొంత సమాధానం దొరికింది. 2023లో న్యూయార్క్‌లో ఏవియాంకా విమానసంస్థ మీద నడిచిన దావాలో లాయర్లు చాట్‌జీపీటీ అల్లిన, లోకంలో లేని తీర్పులను ఉదహరించారు. జడ్జి 5,000 డాలర్ల జరిమానా వేశారు. 2024లో ఎయిర్ కెనడా, తన వెబ్‌సైట్‌లోని చాట్‌బాట్ తప్పుగా చెప్పిన చార్జీల వివరాలకు తన బాధ్యత లేదని వాదించింది. ట్రిబ్యునల్ ఒప్పుకోలేదు. మన పేపర్‌కూ ఇదే వర్తిస్తుంది. 'ఏఐ సాయంతో రాసింది' అని కింద ఒక లైను వేయడం పాఠకుడికి తెలియడానికి అవసరమే, వేయండి. బైలైన్‌లో పేరున్న విలేకరి, దాన్ని వదిలిన డెస్క్ ఇన్‌చార్జి మాత్రం ఆ లైను చాటుకు వెళ్లకూడదు.

కాబట్టి తుది నివేదిక వచ్చిన రోజు నేను చెప్పేది ఇది. ముందు ఇద్దరు కూర్చుని మొత్తం చదవండి. దర్యాప్తు సంస్థ 'నిర్ధారించలేకపోయాం' అన్న చోట్లన్నీ వేరే కాగితం మీద రాసుకోండి. ఆ తర్వాత ఏ సాధనం కావాలన్నా తెరవండి. కథనం పూర్తయ్యాక ఆ కాగితం పక్కన పెట్టుకుని, అందులోని ప్రతి అంశం వార్తలో ఇంకా తెలియనిదిగానే ఉందో లేదో చూసి, అప్పుడు పంపండి.