లెక్క తప్పే రాజులు, లెక్కలోకి రాని జనం

నమస్తే. ఖిలా వరంగల్ మట్టికోట మీద నిలబడి మాట్లాడుతున్నా, గాలి హోరు వినిపిస్తే ఏమనుకోకండి.

యుద్ధాలకు దిగేది పిచ్చోళ్లనుకుంటాం. కానీ చాలామంది లెక్క వేసుకునే దిగుతారు. ఆ లెక్క తప్పుతుంది, లేదంటే నష్టం వాళ్ల నెత్తిన పడదు.

[తెర మీద: 1310, 1321, 1323]

1310లో ఢిల్లీ సుల్తాన్ సేనాని మాలిక్ కాఫుర్ సైన్యం ఈ మట్టికోట దాటింది. లోపలి రాతికోట ఇంకా నిలబడే ఉంది, అయినా కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు బేరానికి దిగి, ఏనుగులు, గుర్రాలు, సొమ్ము ఇచ్చి పంపేశాడు. పిరికితనం అంటారు కొందరు. నేననను, ఎవరి బలమెంతో ఇద్దరికీ తెలిసింది కాబట్టే బేరం కుదిరింది. తర్వాత ఢిల్లీలో ఖిల్జీలు పోయి 1320లో తుగ్లక్‌లు గద్దెనెక్కారు, ఆ గందరగోళంలో ఇక్కడ కప్పం ఆగింది. 1321లో కొత్త సుల్తాన్ కొడుకు ఉలుగ్ ఖాన్ వచ్చి కోట చుట్టుముడితే, సుల్తాన్ చనిపోయాడని దండులో పుకారు పుట్టి, సర్దార్లు తలో దిక్కు పోయి, ముట్టడి చెడింది. చూడండి, అసలు డేంజర్ ఇక్కడే! పుకారు వల్ల తప్పిన గండాన్ని మన కోట గొప్పతనం అనుకోవడం ఎంత సులువు. 1323లో అతనే మళ్లీ వచ్చాడు. కోట పడింది. ప్రతాపరుద్రుణ్ణి ఢిల్లీ తీసుకెళ్తుంటే నర్మద ఒడ్డున చనిపోయాడని విలస శాసనం చెబుతుంది.

ఇక కుర్చీ కోసం చేసే యుద్ధం. 1982 మార్చి 30న అర్జెంటీనాలో సైనిక ప్రభుత్వం మీద జనం రోడ్డెక్కారు. ఏప్రిల్ 2న ఆ ప్రభుత్వాధినేత గాల్టియేరి బ్రిటన్ చేతిలో ఉన్న ఫాక్‌లాండ్స్ దీవులు పట్టుకున్నాడు, అంతే, తిట్టినవాళ్లున్న ఊళ్లోనే జేజేలు. బ్రిటన్ అంత దూరం రాదనుకున్నాడు, వచ్చింది. అర్జెంటీనావాళ్లు 649 మంది చనిపోయారు, ఆయనకు పోయింది పదవి.

సరే, పైన మొదలైంది ఊళ్లలోకి ఎలా పాకుతుంది?

[తెర మీద: కడవెండి, 1946 జూలై 4]

మన జనగామ దిక్కు కడవెండిలో ఆంధ్ర మహాసభ సంఘం ఊరేగింపు మీద విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు కాల్చారు, దొడ్డి కొమరయ్య చనిపోయాడు. భయపడి ఇళ్లలోకి పోతారని దొర లెక్క. జనం గుతపలు, అంటే దుడ్డుకర్రలు, పట్టుకుని ఊరూరికీ నడిచారు, వెట్టి ఇక చెయ్యబోమన్నారు. మొదట గుతపలు, వడిసెలలే, తుపాకులు తర్వాత వచ్చాయి. అటు నిజాం పక్షాన రజాకార్లు పెరిగేకొద్దీ ఇటు కమ్యూనిస్టుల సాయుధ దళాలు పెరిగాయి, "మాది ఆత్మరక్షణే" అని అటూ ఇటూ అన్నారు, నాకెందుకులే అని ఇంట్లో కూర్చునే మనిషిని కూడా ఎవరివైపని అడిగే రోజులొచ్చాయి. (ఇద్దరూ సమానమని కాదు, ఊళ్లు కొల్లగొట్టినోళ్లను, ఊరు కాచుకున్నోళ్లను ఒకే గాటన కట్టను.) బైరాన్‌పల్లివాళ్లు బురుజు మీంచి రజాకార్ల దాడులు తిప్పికొట్టారు. ఊరి చేతిలో ఓడిపోయామన్న అవమానం ఒకటి పుట్టింది కదా, 1948 ఆగస్టు 27న నిజాం సైన్యాన్ని వెంటేసుకొచ్చి ఊచకోత కోశారు.

సెప్టెంబర్ 13న భారత సైన్యం దిగింది, 5 రోజుల్లో నిజాం చేతులెత్తేశాడు. హింస ఆగిందా? లేదు, దళాల తుపాకులు అలాగే ఉన్నాయి, దొరలు గడీలకు తిరిగొచ్చారు, పోరాట విరమణ ప్రకటన 1951 అక్టోబర్‌లో గానీ రాలేదు. ఆలోపు, 1950లోనే, నిజాం రాజ్‌ప్రముఖ్ (గవర్నర్ లాంటి పదవి) అయ్యాడు. రజాకార్ల నాయకుడు ఖాసిం రజ్వీ జైలు నుంచి బయటికొచ్చి 1957లో పాకిస్తాన్ వెళ్లిపోయాడు.