వంటవాడు మాస్టారైన వైనం: జాక్ పెపిన్

అందరికీ నమస్కారం. ముందు వరసల్లో హోటల్ మేనేజ్‌మెంట్ పిల్లలున్నారు, వెనక వంట చానెల్స్ నడిపే అక్కలు, చెల్లెళ్లు చాలామంది కనిపిస్తున్నారు. మీ అందరికీ పనికొచ్చే ఒకాయన గురించి మాట్లాడదామని వచ్చాను. పేరు జాక్ పెపిన్. ఫ్రాన్స్‌లో పుట్టి, అక్కడే పని నేర్చుకుని, అమెరికా వెళ్లి స్థిరపడ్డ వంటవాడు. దశాబ్దాల పాటు అక్కడి టీవీలో వంట నేర్పారు. మీలో కొందరు ఆయన ఆమ్లెట్ వీడియో చూసే ఉంటారు, పేరు తెలియకపోయినా.

ఆయన చేతి రుచి గురించి నేను మాట్లాడను. వంట బాగా వచ్చినవాళ్లు మనకి వీధికొకరు ఉన్నారు. కానీ వంట వచ్చినంత మాత్రాన నేర్పడం రాదు, అది వేరే విద్య. పెపిన్‌కి ఆ విద్య ఎక్కడ అబ్బింది? పెద్ద హోటళ్ల వంటగదుల్లో మాత్రం కాదని నా నమ్మకం. "ఇంత పనివాడివి, నీకిదేం ఖర్మ" అని లోకం అనుకున్న చోట్లే అబ్బింది. ఎందుకలా అంటున్నానో చెప్తాను.

1935 డిసెంబర్‌లో, తూర్పు ఫ్రాన్స్‌లో బూర్గ్-ఆన్-బ్రెస్ అనే ఊళ్లో పుట్టారు. ఊహ తెలిసేసరికి యుద్ధం. తండ్రి జర్మన్లని ఎదిరించే రహస్య దళాల్లో చేరిపోతే, తల్లి జానెట్ సైకిలెక్కి పల్లెలు తిరిగి పిల్లలకి తిండి సంపాదించేది. యుద్ధం అయ్యాక ఆవిడ హోటల్ పెట్టింది. లియోన్ నగరంలో ఆవిడ నడిపిన చిన్న హోటల్ పేరు ల పెలికాన్. ముగ్గురు మగపిల్లలూ బడి నుంచి రాగానే కూరలు తరగాలి, గిన్నెలు కడగాలి. ఆ ఇంటి పొదుపు ఆయన్ని జీవితాంతం వదల్లేదు. ఏ వీడియో అయినా చూడండి, కోడి ఎముకలు, ఎండిన బ్రెడ్డు, కూరగాయల తొక్కలు, ఏదీ ఊరికే చెత్తబుట్టలోకి పోదు.

1949లో, పదమూడేళ్లకి, బడి మానేసి సొంతూళ్లోనే ఒక పెద్ద హోటల్లో పనికి కుదిరాడు. మన పెళ్లి వంటల మేస్త్రీల దగ్గర కుర్రాళ్లు ఎలా చేరతారో ఇంచుమించు అలాగే. పొయ్యి దగ్గరికి రానివ్వరు. తోమడం, కడగడం, ఒలవడం, బొగ్గు వేయడం, ఇవే పనులు. "ఎందుకిలా?" అని అడిగితే "నేను చెప్పాను కాబట్టి" అనేదే జవాబు. అలా చాలాకాలం గడిచాక ఒకరోజు చెఫ్ పిలిచి "రేపట్నుంచి నువ్వు పొయ్యి మీద" అన్నాడట. ఎవరూ ఏమీ నేర్పలేదు, కానీ నిలబడి చూసేసరికి చేతికి పని తెలిసిపోయింది. ఈ సంగతి ఆయన చాలాసార్లు చెప్పుకున్నారు.

ఈ పద్ధతి గొప్పదనేవాళ్లు మనలోనూ ఉన్నారు. "మాకెవరు నేర్పారు, చూసి నేర్చుకున్నాం" అంటారు. నేను పూర్తిగా ఒప్పుకోను. అలా నేర్చుకున్న చేతికి పని వస్తుంది కానీ ఆ పని ఎందుకలా జరుగుతుందో నోటికి రాదు. పైగా అలా చూసి నేర్చుకోలేక మధ్యలో మానేసిన కుర్రాళ్ల లెక్క ఎవరి దగ్గరా ఉండదు.

తర్వాత ప్యారిస్. ప్లాజా అతెనే అనే పేరుమోసిన హోటల్లో లూసియెన్ దియా దగ్గర పనిచేశారు. సైన్యంలో తప్పనిసరి సర్వీసు వచ్చినప్పుడు ప్రభుత్వాధినేతల ఇంటి వంటకి తీసుకున్నారు, అప్పటి ఫ్రాన్స్ నాయకుడు జనరల్ డీగాల్ కూడా పెపిన్ చేతి భోజనం తిన్నవాడే. ఇది 1958 నాటి మాట. అప్పుడు వంటవాడంటే విలువ లేదు. ఎంత పెద్ద విందయినా వంటవాణ్ణి భోజనాల గదిలోకి పిలిచి బాగుందని చెప్పిన పాపాన ఎవరూ పోలేదు, పేపరువాళ్లు ఒక్క మాట అడగలేదు. వంటవాడి స్థానం వంటగదే, అంతే.

1959లో ఓడెక్కి అమెరికా వచ్చారు. వెంటనే న్యూయార్క్‌లో ల పవియాన్‌లో పని దొరికింది, ఆ రోజుల్లో అమెరికాలో అంతకు మించిన ఫ్రెంచ్ రెస్టారెంట్ లేదనేవారు. ఇక్కడే కథ మలుపు తిరుగుతుంది. 1961లో కెనెడీ అధ్యక్షుడయ్యాక వైట్‌హౌస్‌లో చెఫ్‌గా రమ్మని పిలుపొచ్చింది. అదే సమయంలో, ల పవియాన్‌కి తరచుగా భోజనానికి వచ్చే హోవర్డ్ జాన్సన్ అనే పెద్దాయన కూడా పిలిచాడు. ఆయనది దేశమంతా రోడ్ల పక్కన ఉండే నారింజ రంగు కప్పుల హోటళ్ల వ్యాపారం. హాట్‌డాగ్‌లు, క్లామ్స్ అనే సముద్రపు ఆల్చిప్పల వేపుడు, ఐస్‌క్రీమ్. పెపిన్ వైట్‌హౌస్ వద్దన్నారు. హోవర్డ్ జాన్సన్ దగ్గరికి వెళ్లారు, స్నేహితుడు పియెర్ ఫ్రానేతో కలిసి. మన ఇళ్లల్లో అయితే ఈ మాటకి వారం రోజులు అన్నం సహించేది కాదు.

ఆయన లెక్క వేరు. అధ్యక్షుడికి వంట చేస్తే ఏమవుతుందో డీగాల్ దగ్గర చూసేశారు. హోవర్డ్ జాన్సన్ దగ్గర ఉన్నది ఆయనకి బొత్తిగా తెలియని ప్రపంచం. ముందు కౌంటర్ వెనక నిలబడి బర్గర్లు తిప్పారు. ఆ తర్వాత కంపెనీ సెంట్రల్ కిచెన్‌లో కొత్త వంటకాలు తయారుచేసే పని. అక్కడ పనిచేసిన పదేళ్లూ, పదిమందికి చేసిన స్టూ, అంటే చిక్కటి మాంసం పులుసు, రుచి వేల గ్యాలన్లలోకి మారేటప్పుడు ఏమవుతుందో తేల్చుకోవడమే పని. ఎండబెట్టిన ఉల్లి బదులు పచ్చి ఉల్లిపాయ, మార్గరిన్ అనే నూనెతో చేసిన వెన్న బదులు అసలు వెన్న వేసేలా చేశారు. పక్కన కెమిస్టులు ఉండేవాళ్లు. పిండి ఎందుకు చిక్కబడుతుంది, చల్లారాక ఎందుకు నీరు వదిలేస్తుంది, బ్యాక్టీరియా ఏ వేడి దగ్గర పెరుగుతుంది, ఇవన్నీ అక్కడ తెలిశాయి. కుర్రతనంలో ఎవరూ జవాబు చెప్పని "ఎందుకిలా?"కి జవాబు దొరికింది ఆ ఫ్యాక్టరీ లాంటి కిచెన్‌లో. మామూలు మనుషులు ఏం తింటారు, ఎంతలో తింటారు, అది కూడా. వైట్‌హౌస్‌కి వెళ్లి ఉంటే మంచి వంటవాడిగానే మిగిలేవారని నాకనిపిస్తుంది.

ఆ రోజుల్లోనే ఇంకో పని కూడా సాగింది. పదమూడేళ్లకి బడి మానేశానన్న బాధ ఆయన్ని తొలిచేది. ఇంగ్లిష్ నేర్చుకుందామని కొలంబియా యూనివర్సిటీలో చేరి, ఉద్యోగం చేస్తూనే చదువు సాగదీసి, 1970లో బీఏ, 1972లో ఫ్రెంచ్ సాహిత్యంలో ఎంఏ పూర్తిచేశారు. పీహెచ్‌డీకి సాహిత్యంలో ఆహారం మీద రాస్తానంటే, అది పరిశోధనకి తగిన విషయం కాదని తిప్పి పంపేశారు. తర్వాత కాలంలో ఇదే మనిషి, అమెరికా టీవీలో ఫ్రెంచ్ వంట నేర్పి పేరు తెచ్చుకున్న జూలియా చైల్డ్‌తో కలిసి బోస్టన్ యూనివర్సిటీలో ఆహారం మీద కోర్సులు మొదలవడానికి కారకుడయ్యారు. అప్పుడు కాదన్నది ఇప్పుడు డిగ్రీ.

1970లో న్యూయార్క్ ఫిఫ్త్ ఎవెన్యూలో కేవలం సూపుల కోసం ల పొటాజెరీ అనే హోటల్ తెరిచారు, బాగా నడిచింది. 1974లో కారుకి లేడి అడ్డమొచ్చి ఘోరమైన యాక్సిడెంట్. వెన్ను, తుంటి, చేయి, ఎన్నో చోట్ల ఎముకలు విరిగాయి. బతుకుతారా, నడుస్తారా అన్న పరిస్థితి. కోలుకున్నారు కానీ రోజుకి పద్నాలుగు గంటలు పొయ్యి ముందు నిలబడే పని ఇక కుదరదని తేలిపోయింది. నలభై నిండకుండానే, చేతిలో ఉన్న విద్య అంతా ఉండగా, ఆ విద్యతో బతికే దారి మూసుకుపోవడం ఎలా ఉంటుందో ఇక్కడ కూర్చున్న వంటవాళ్లకి నేను వేరే చెప్పక్కర్లేదు.

అప్పుడు పట్టుకున్నదే పాఠం చెప్పే పని. ఆ రోజుల్లో అమెరికాలో వంటసామాను దుకాణాల్లో సాయంత్రం పూట క్లాసులు పెట్టేవారు. ఊరూరా తిరిగి ఆ క్లాసులు చెప్పారు. ఎదురుగా ఉన్నవాళ్లు గృహిణులు, ఆఫీసులకి వెళ్లేవాళ్లు, ఊళ్లో ఏది దొరికితే దాంతో చేసుకునేవాళ్లు. వాళ్లకి హోటల్ వంటకాలు చెప్పి లాభం లేదు. అందుకే ఆయన వంటకం పక్కన పెట్టి, చేత్తో చేసే పని విడదీసి చూపించడం మొదలుపెట్టారు. కత్తి పట్టుకోవడం ఎలా, తరిగేటప్పుడు రెండో చేతి వేళ్లు ఎలా ముడవాలి, చేప పొట్ట ఎలా తీయాలి, కోడి నుంచి అస్థిపంజరాన్ని ముక్కలు కాకుండా మొత్తంగా ఎలా బయటికి లాగాలి. 1976లో వచ్చిన లా టెక్నీక్ పుస్తకం అంతా ఇదే. పేజీ పేజీకీ ఫొటోలు, ఒక్కో పనికీ అడుగడుగునా చేతుల బొమ్మలు. టామ్ కొలిక్కియో అనే పేరున్న అమెరికన్ చెఫ్ ఏ వంటల కాలేజీకీ వెళ్లకుండా ఈ పుస్తకం చూసే పని నేర్చుకున్నాడు.

ఆ ఆమ్లెట్ సంగతికి వద్దాం, ఎందుకంటే ఆయన పాఠం మొత్తం అందులో ఉంది. రెండు రకాలు పక్కపక్కన చేసి చూపిస్తారు. మొదటిది పల్లెటూరి ఆమ్లెట్: వెన్న బాగా కాగనిచ్చి, గుడ్డు పోసి, పెద్ద పెద్ద పొరలుగా గట్టిపడనిచ్చి, అడుగు ఎర్రగా కాలాక మడిచేస్తారు. ఇది మనకి తెలిసిన రుచే. రెండోది అసలు పరీక్ష. తెల్లసొన జాడ కనపడకుండా ఫోర్కుతో గిలక్కొడతారు. గుడ్డు పోయగానే ఎడం చేయి పెనాన్ని ముందుకీ వెనక్కీ ఆడిస్తుంటుంది, కుడి చేయి ఫోర్కుతో తిప్పుతూనే ఉంటుంది, రెండూ ఒకేసారి, ఆగకుండా. గుడ్డు సన్నటి రవ్వలా తయారవుతుంది. పైన ఇంకా తడి ఉండగానే ఆపేస్తారు. పెనం వంచి, ఇవతలి అంచు మడిచి, పిడి మీద పిడికిలితో చిన్నగా కొడితే అవతలి అంచు దానంతట అదే పైకి లేస్తుంది. దాన్నీ మడిచి పళ్లెంలోకి బోర్లిస్తారు. ఎక్కడా మచ్చ ఉండదు, లేత పసుపు, లోపల మెత్తగా. ఇంతా చేసి, ఇది గొప్పది అది తక్కువది అనరు. రెండూ వేర్వేరు పద్ధతులు, అంతే అంటారు.

ఆ పిడి మీద కొట్టడం ఉంది చూశారా, దాన్ని ఏ రెసిపీలోనూ రాయలేం. చానెల్స్ నడిపే అక్కలకి నా విన్నపం ఇదే. మన వీడియోల్లో పిండి కలిపేటప్పుడు చేతులు కనిపిస్తాయి, తర్వాత కట్, తయారైన ముద్ద కనిపిస్తుంది. ఎక్కడ కట్ చేశామో అక్కడే పాఠం ఉంది. బొబ్బట్టు తట్టేటప్పుడు అంచు దగ్గర వేలు ఎంత బరువు వేస్తుందో, పెసరట్టు పిండిని మధ్య నుంచి అంచుకి లాగేటప్పుడు గరిట ఎంత తేలిగ్గా ఉంటుందో, ఆ పది సెకన్లు ఉంచండి. చూసేవాళ్లు వెళ్లిపోతారేమో అని టెన్షన్ పడకండి. నేర్చుకోవాలనుకున్నవాళ్లు ఆ పది సెకన్లే వెనక్కి తిప్పి చూస్తారు.

కొలతల మీద కూడా ఆయన మాట వినదగ్గది. ఓవెన్‌లో పంచదారతో బేరి పండ్లు వండే ఉదాహరణ చెప్తారు. పండు పండిన తీరుని బట్టి ఒకసారి చప్పున ఉడికిపోతుంది, ఇంకోసారి ఎంతకీ ఉడకదు, మరి రాసిన నిమిషాలకి అర్థమేమిటి? లేత వంకాయకీ ముదురు వంకాయకీ ఒకే టైం చెప్పే మనమూ ఆలోచించుకోవాలి. నిమిషాలు చెప్పండి, తప్పులేదు, కానీ ముక్క ఎలా కనిపించినప్పుడు దించాలో కూడా చెప్పండి.

టీవీ సంగతి త్వరగా చెప్పేస్తాను. 1991 నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోలోని కేక్యూఈడీ స్టేషన్ కోసం వరసగా కార్యక్రమాలు చేశారు, అవి పబ్లిక్ టెలివిజన్‌లో దేశమంతా వచ్చేవి. 1999లో జూలియా చైల్డ్‌తో, ఆవిడ ఇంటి వంటగదిలోనే, ఇద్దరూ కలిసి చేసిన సిరీస్‌కి 2001లో ఎమ్మీ అనే టీవీ అవార్డు వచ్చింది. అందులో నాకు నచ్చేది వాళ్ల వాదులాట. ఆయన నల్ల మిరియాలు అంటే ఆవిడ తెల్ల మిరియాలు అంటుంది. ఒకే పదార్థాన్ని ఇద్దరూ రెండు రకాలుగా చేస్తారు, ఎవరూ తగ్గరు. చూసే మనిషికి ధైర్యం వస్తుంది. ఇంత పెద్దవాళ్లకే ఒక మాట కుదరకపోతే, నా పద్ధతి నాకుండొచ్చు కదా అని.

2020లో కోవిడ్ వచ్చి జనం ఇళ్లల్లో ఇరుక్కున్నప్పుడు, ఎనభై నాలుగేళ్ల వయసులో, కనెటికట్‌లోని తన ఇంటి వంటగదిలో నిలబడి చిన్న చిన్న వీడియోలు చేయడం మొదలుపెట్టారు. ఫ్రిజ్‌లో మిగిలినవి, డబ్బా బీన్స్, ఒక గుడ్డు. తల్లి దగ్గర నేర్చుకున్న పొదుపు వంటే మళ్లీ. ఆ డిసెంబర్‌లోనే భార్య గ్లోరియా చనిపోయారు, యాభై నాలుగేళ్ల కాపురం. వీడియోలు ఆ తర్వాత కూడా ఆపలేదు.

ఈ పిల్లల కోసం ఇంకొక్కటి. 2016లో కూతురు క్లాడీన్, అల్లుడు రోలీ వెసెన్‌తో కలిసి ఆయన పేరు మీద ఒక ఫౌండేషన్ పెట్టారు. జైలు నుంచి బయటికొచ్చినవాళ్లు, ఇల్లు లేనివాళ్లు, మత్తు మందుల నుంచి బయటపడుతున్నవాళ్లు, ఇలాంటి వాళ్లకి ఉచితంగా వంట పని నేర్పే కమ్యూనిటీ కిచెన్‌లకి డబ్బూ, పాఠాలూ ఇస్తుందది. అక్కడ నేర్పేది మళ్లీ కత్తి పట్టుకోవడం, ఉల్లిపాయ తరగడం, కోడి కోయడం, గుడ్డు చేయడమే. అవి చేతికి వస్తే ఏ హోటల్లోనైనా పని దొరుకుతుందని ఆయన లెక్క. పదమూడేళ్లప్పుడు తనకి ఎవరూ విడమర్చి చెప్పని పనిని, నలభై ఏళ్లు దాటి మొదటిసారి కత్తి పట్టుకున్న మనిషికి ఎందుకో, ఎలాగో చెప్పి మరీ నేర్పిస్తున్నారు.

ఇక మీ ప్రశ్నలు అడగండి. ఆమ్లెట్ గురించి అడిగేవాళ్లు ముందుకి రండి, గుడ్లు, పెనం తెచ్చాను.