పైథాన్ తన లైబ్రరీని తానే కనుక్కోలేనప్పుడు

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే బెంగళూరు సిల్క్ బోర్డ్ జంక్షన్ దాటుకుని వచ్చారు, ఉపోద్ఘాతం లేకుండా విషయంలోకి వెళ్దాం.

మారతహళ్ళి, బీటీఎం లేఅవుట్ పీజీల్లో ఉండి కోర్సులు చేస్తున్న మన పిల్లలకు ఒక మాట ముందే చెప్పాలి. టెర్మినల్‌లో పైథాన్3 అని కొట్టగానే "నో మాడ్యూల్ నేమ్డ్ ఎన్‌కోడింగ్స్" అని వచ్చి ఆగిపోతే, వెంటనే అన్‌ఇన్‌స్టాల్ చేయకండి. చాలాసార్లు లైబ్రరీ ఫైళ్ళు, అంటే పైథాన్‌తో పాటే వచ్చే రెడీమేడ్ కోడ్ ముక్కలు (మాడ్యూళ్ళు), డిస్క్ మీద పదిలంగానే ఉంటాయి, పైథాన్ వాటిని వేరేచోట వెతుకుతుంటుంది. మళ్ళీ ఇన్‌స్టాల్ చేసినా అక్కడే వెతుకుతుంది.

అది వెతికే తీరు తెలిస్తే సగం పని అయినట్టే. మీరు నడిపే పైథాన్ ఫైలు ఏ ఫోల్డర్‌లో ఉందో అక్కడ మొదలుపెట్టి, ఒక్కో మెట్టూ పైకి ఎక్కుతూ "లిబ్ స్లాష్ పైథాన్3.12" లోపల ఓఎస్ డాట్ పీవై కనపడుతుందా అని చూస్తుంది. కనపడితే ఆ మెట్టు దగ్గరి ఫోల్డరే ప్రిఫిక్స్, అంటే ఇన్‌స్టలేషన్‌కు మూలం. సీలో రాసి కంపైల్ చేసిన మాడ్యూళ్ళ కోసం లిబ్-డైన్‌లోడ్ అనే ఫోల్డర్‌ను గుర్తుగా పెట్టుకుంటుంది. మొదటిది దొరక్కపోతే "ప్లాట్‌ఫామ్ ఇండిపెండెంట్ లైబ్రరీస్" కనపడలేదంటుంది, రెండోది దొరక్కపోతే "ప్లాట్‌ఫామ్ డిపెండెంట్" అంటుంది. ఈ రెండు మాటల తేడా చూస్తే ఏ భాగం పోయిందో తెలుస్తుంది. 3.11 నుంచి ఓఎస్, సైట్, కోడెక్స్ వంటి మాడ్యూళ్ళు పైథాన్ ఫైలులోనే ఇమిడి వస్తున్నాయి. అక్షరాలను బైట్లుగా మార్చే ఎన్‌కోడింగ్స్ అలా రాదు, మొదలవుతూనే డిస్క్ నుంచి చదవాలి. అందుకే లైబ్రరీ దారి తప్పితే మొదట బయటపడే పేరు అదే.

పైథాన్‌హోమ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పెట్టి ఉంటే ఈ వెతుకులాటే ఉండదు, అందులో ఏముంటే దాన్నే నమ్ముతుంది. వేరే సాఫ్ట్‌వేర్ ఎప్పుడో పెట్టి వదిలేసిన ఈ వేరియబుల్‌తోనే ఎక్కువ తంటా. లైనక్స్‌లో ఎన్వ్ పైప్ గ్రెప్ పైథాన్ (పైథాన్ పెద్దక్షరాల్లో), విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో సెట్ పైథాన్ కొట్టి చూడండి. ఆ తర్వాత పైథాన్3 డాష్ క్యాపిటల్ ఐ. ఈ ఐ గుర్తు ఎన్విరాన్‌మెంట్‌నూ, యూజర్ సైట్ ప్యాకేజీలనూ, మీరున్న ఫోల్డర్‌నూ పక్కనపెట్టి నడుపుతుంది. దీంతో నడిచిందంటే ఇన్‌స్టలేషన్‌లో లోపం లేదు. నడవకపోతే ఎర్రర్‌తో పాటు వచ్చే "పైథాన్ పాత్ కాన్ఫిగరేషన్" భాగాన్ని ఓపికగా చదవండి. పైథాన్‌హోమ్ విలువ, ప్రిఫిక్స్, సిస్ డాట్ పాత్ (మాడ్యూళ్ళ కోసం వెతికే ఫోల్డర్ల జాబితా) అన్నీ అక్కడే ఉంటాయి. జనం ఈ భాగాన్ని దాటేసి చివరి వరస ఒక్కటే కాపీ చేసి సాయం అడుగుతారు. నా ఉద్దేశంలో జవాబు తొంభై పాళ్ళు ఆ దాటేసిన భాగంలోనే ఉంటుంది.

"ఎస్ఆర్ఈ మాడ్యూల్ మిస్‌మ్యాచ్" అని వస్తే అర్థం సూటిగా ఉంది. ఒక వెర్షన్ పైథాన్, మరో వెర్షన్ రీ మాడ్యూల్‌ను చదువుతోంది. పైథాన్‌పాత్‌లోనో (అదనంగా వెతకాల్సిన ఫోల్డర్లు చెప్పే వేరియబుల్) పైథాన్‌హోమ్‌లోనో పాత వెర్షన్ ఫోల్డర్ మిగిలిపోయి ఉంటుంది, తీసేయండి.

పైథాన్ మొదలవుతుంది గాని ఏదో ఒక మాడ్యూల్ మాత్రం వింతగా ప్రవర్తిస్తోందా? మీ ప్రాజెక్టులో ర్యాండమ్ డాట్ పీవై లాంటి ఫైలు ఉందేమో చూడండి, అదే పేరున్న అసలు మాడ్యూల్ బదులు పైథాన్ దాన్నే తీసుకుంటుంది. ర్యాండమ్‌ను ఇంపోర్ట్ చేసి దాని డబుల్ అండర్‌స్కోర్ ఫైల్ విలువ ప్రింట్ చేస్తే ఎక్కడి నుంచి వచ్చిందో తేలిపోతుంది. 3.13లో ఎర్రర్ సందేశమే పేరు మార్చమని సూచిస్తుంది.

పైథాన్‌ను సోర్స్ నుంచి గాని, పైఎన్వ్ (వేర్వేరు వెర్షన్లు పెట్టుకునే సాధనం)తో గాని కట్టుకున్నవాళ్ళ, అంటే కంపైల్ చేసుకున్నవాళ్ళ సమస్య వేరు. ప్యాకేజీలు దించే పిప్ "ఎస్ఎస్ఎల్ మాడ్యూల్ అందుబాటులో లేదు" అంటుంది, లేదా అండర్‌స్కోర్ సీటైప్స్ దొరకదు. మేక్ (కంపైల్ చేసే కమాండ్) అయ్యాక చివర్లో ఫలానా ఐచ్ఛిక మాడ్యూళ్ళు కట్టలేకపోయానని అది చెప్పే ఉంటుంది. ఉబుంటులో లిబ్ఎస్ఎస్ఎల్-డెవ్, లిబ్ఎఫ్ఎఫ్ఐ-డెవ్, లిబ్ఎస్‌క్యూలైట్3-డెవ్, లిబ్ఎల్‌జడ్ఎంఏ-డెవ్, లిబ్‌బీజడ్2-డెవ్, జెడ్‌లిబ్1జి-డెవ్, లిబ్‌రీడ్‌లైన్-డెవ్, టీకే-డెవ్ వేసుకోండి. వేసుకున్నంత మాత్రాన పని జరగదు, కాన్ఫిగర్ దగ్గర్నుంచి మళ్ళీ కట్టాలి. పైథాన్ 3.10 నుంచి ఓపెన్‌ఎస్ఎస్ఎల్ 1.1.1 గాని అంతకంటే కొత్తది గాని తప్పనిసరి. పాత సర్వర్లలో 1.0.2 ఉంటే ఎస్ఎస్ఎల్ మాడ్యూల్ తయారుకాదు. చివర్లో మేక్ ఇన్‌స్టాల్ బదులు మేక్ ఆల్ట్‌ఇన్‌స్టాల్ వాడండి, అప్పుడు పైథాన్3 అన్న పేరు జోలికి పోదు.

ఆ పేరు జోలికి పోవద్దని గట్టిగా చెబుతున్నాను. ఉబుంటు 22.04 సొంత పైథాన్ 3.10. యూఎస్ఆర్ బిన్‌లోని పైథాన్3 లింకును 3.12 వైపు తిప్పితే యాడ్-ఆప్ట్-రిపాజిటరీ అనే ఉబుంటు కమాండ్ "ఏపీటీ అండర్‌స్కోర్ పీకేజీ లేదు" అని ఆగిపోతుంది, ఎందుకంటే ఆ మాడ్యూల్ 3.10 కోసం కంపైలైంది. లింకును వెనక్కి తిప్పండి, కొత్త వెర్షన్ కావాలంటే వెన్వ్ (ప్రాజెక్టుకు విడిగా ఉండే పైథాన్ వాతావరణం) చేసుకోండి. వెన్వ్‌లో లైబ్రరీ కాపీ ఉండదు. పైవెన్వ్ డాట్ సీఎఫ్‌జీలోని హోమ్ వరస చూసి అసలు పైథాన్ దగ్గరికే వెళ్తుంది. అసలుది తీసేస్తే వెన్వ్ కూడా పోతుంది. దాన్ని బాగుచేయడం కంటే రిక్వైర్‌మెంట్స్ ఫైలుతో కొత్తది చేసుకోవడమే మేలు.

ఇక ఫైళ్ళే పాడైన సందర్భం. ఉబుంటు 24.04 అనుకుందాం. ప్యాకేజీల ఫైళ్ళను సరిచూసే డీపీకేజీ డాష్ క్యాపిటల్ వి కొట్టి, లిబ్‌పైథాన్3.12-మినిమల్, లిబ్‌పైథాన్3.12-ఎస్‌టీడీలిబ్ రెండు పేర్లూ ఇవ్వండి. ఏమీ చెప్పకపోతే అంతా బాగున్నట్టు. వరసలో 5 అంకె కనపడితే ఆ ఫైలు మారిపోయింది, మిస్సింగ్ అంటే పోయింది. పైథాన్3 ప్యాకేజీని రీఇన్‌స్టాల్ చేస్తే ప్రయోజనం లేదు, అందులో లైబ్రరీ ఉండదు. పైన చెప్పిన రెండింటినీ ఆప్ట్ ఇన్‌స్టాల్ డాష్ డాష్ రీఇన్‌స్టాల్‌తో వేయండి. ఇన్‌స్టాల్ స్క్రిప్టులే పైథాన్‌ను పిలిచి పడిపోతుంటే, ఆప్ట్ డౌన్‌లోడ్‌తో డెబ్ ఫైలు (ప్యాకేజీ ఫైలు) దించి, డీపీకేజీ-డెబ్ డాష్ చిన్న ఎక్స్‌తో టెంప్‌లో విప్పి, యూఎస్ఆర్ లిబ్ పైథాన్3.12 లోపలి ఫైళ్ళను సుడోతో అసలు చోటికి కాపీ చేయండి. పైథాన్ లేచాక రీఇన్‌స్టాల్ మళ్ళీ ఒకసారి నడపండి.

లోపంలా కనపడే మార్పులు కూడా ఉన్నాయి. డిస్ట్‌యుటిల్స్‌ను 3.12లో, సీజీఐ, టెల్నెట్‌లిబ్ వంటి 19 మాడ్యూళ్ళను 3.13లో కావాలనే తీసేశారు. వాటి కోసం ఇన్‌స్టలేషన్‌ను తవ్వకండి.

బాగుచేశాక పరీక్ష. 3.10 నుంచి సిస్ డాట్ ఎస్‌టీడీలిబ్ అండర్‌స్కోర్ మాడ్యూల్ అండర్‌స్కోర్ నేమ్స్‌లో మొత్తం పేర్లున్నాయి. ఒక్కోదాన్నీ లూప్‌లో ఇంపోర్ట్ చేసి విఫలమైనవి ప్రింట్ చేయండి. లైనక్స్‌లో విన్‌రెగ్, ఎంఎస్‌వీసీఆర్‌టీ రాకపోతే కంగారుపడొద్దు, ఆ జాబితా అన్ని సిస్టమ్‌లకూ ఒక్కటే. యాంటీగ్రావిటీని ఇంపోర్ట్ చేస్తే బ్రౌజర్ తెరుచుకుంటుంది, దిస్‌ను చేస్తే ఒక పద్యం ప్రింటవుతుంది. ఆ రెండు పేర్లూ తీసేసి లూప్ నడపండి.