గవ్వల దేశంలో 3 రూపాయల పన్ను: ఉగాండా ఖజానా కథ

[తెర మీద: దారానికి గుచ్చిన గవ్వల దండ, బాగా దగ్గరగా]

నమస్కారం. "చేతిలో చిల్లిగవ్వ లేదు" అని మనం తరచూ అంటుంటాం. అలా అనేటప్పుడు నిజమైన గవ్వ ఎవరికీ గుర్తుకు రాదు. కానీ ఆఫ్రికాలో విక్టోరియా సరస్సు ఒడ్డున నూట పాతికేళ్ల కిందట చిల్లిగవ్వే డబ్బు. గవ్వకు చిల్లు పెట్టి, వందేసి చొప్పున దారానికి గుచ్చి, ఆ దండలిచ్చి మేకలు కొనేవాళ్లు. అక్కడి లుగాండా భాషలో డబ్బుని ఇప్పటికీ 'ఎన్సింబి' అంటారు. ఆ మాటకి పాత అర్థం గవ్వలే.

ఆ గవ్వల దేశంలో 1900 మార్చి 10న ఒక ఒప్పందం మీద సంతకాలయ్యాయి. మనుషులు కాపురముండే ప్రతి ఇంటికీ, గుడిసెకీ ఏడాదికి 3 రూపాయల పన్ను. తుపాకీ ఉంటే దానికి ఇంకో 3 రూపాయలు. పొరపాటు పడలేదండీ, రూపాయలే. మన దేశంలో చెలామణి అయిన వెండి రూపాయలు.

లండన్ వాళ్ల పాలనలో ఉన్న ఆఫ్రికా దేశంలో పన్ను రూపాయల్లో ఎందుకు కట్టమన్నారు? గవ్వలు లెక్కపెట్టుకునే రైతు ఆ రూపాయి ఎక్కడ సంపాదించాడు? ఈ వీడియో అంతా ఆ రెండు ప్రశ్నల గురించే. బ్రిటిష్ వాళ్లు ఆఫ్రికాను ఎలా పాలించారో తెలుసుకోవాలంటే యుద్ధాల కంటే ముందు జమాఖర్చుల పుస్తకం తెరవాలని నేను గట్టిగా నమ్ముతాను. భూమి ఎవరిది, చేలో ఏం వేయాలి, ఏడాదిలో ఎన్ని రోజులు ఊరికే పని చేయాలి, అన్నీ ఆ పుస్తకంలోనే తేలాయి.

[తెర మీద: తూర్పు ఆఫ్రికా మ్యాప్. మొంబాసా రేవు నుంచి సరస్సు దాకా గీత]

ముందు ఒక మాట అర్థం చేసుకుందాం. ఉగాండా కాలనీ కాదు, ప్రొటెక్టరేట్. అంటే రక్షిత ప్రాంతం. స్థానిక రాజు రాజుగానే ఉంటాడు, పెత్తనం మాత్రం బ్రిటిష్ వాళ్లది. మన సంస్థానాలు గుర్తొస్తాయి కదా? పోలిక ఉంది గానీ కొంతవరకే. హైదరాబాద్‌లో రైతు కట్టిన శిస్తు నిజాం ఖజానాకే చేరేది. ఉగాండా నడిబొడ్డున ఉన్న బుగాండా రాజ్యంలో ఈ 3 రూపాయలు రాజు చేతికి వెళ్లేవి కావు. ప్రొటెక్టరేట్ ఖజానాలో కలిసిపోయేవి. రాజుకి అందులోంచి జీతం ఇచ్చేవాళ్లు.

అసలు ఇక్కడికి మొదట వచ్చింది ప్రభుత్వం కాదు, ఒక కంపెనీ. ఇంపీరియల్ బ్రిటిష్ ఈస్ట్ ఆఫ్రికా కంపెనీకి 1888లో చార్టర్, అంటే బ్రిటిష్ రాజ్యం ఇచ్చే అనుమతి పత్రం, దొరికింది. సముద్రం నుంచి బుగాండాకి దాదాపు 1,200 కిలోమీటర్లు. ప్రతి మూటా మనిషి నెత్తిమీదే రావాలి. ఆ ఖర్చుకి కంపెనీ కుదేలైంది, 1893లో చేతులెత్తేసింది. 1894లో బ్రిటిష్ ప్రభుత్వం బుగాండాను ప్రొటెక్టరేట్‌గా ప్రకటించింది.

ఆ తర్వాత మూడేళ్లకే పెద్ద దెబ్బ తగిలింది. ప్రభుత్వం దగ్గరున్న సైన్యంలో ఎక్కువమంది సూడాన్ సిపాయిలు. వాళ్లకిచ్చే జీతం చాలా తక్కువ, అదీ నెలల తరబడి ఆలస్యం. చాలాసార్లు డబ్బుకు బదులు బట్ట ఇచ్చేవాళ్లు. పైగా ఒక దండయాత్ర ముగియకముందే ఇంకోదానికి నడవమనేవాళ్లు. 1897లో సిపాయిలు తిరగబడ్డారు. అదే ఏడాది బుగాండా రాజు మ్వాంగా కూడా తిరుగుబాటు చేశాడు. అణచడానికి ఇండియా నుంచి సైనికుల్ని రప్పించాల్సి వచ్చింది. జీతాల్లో మిగుల్చుకున్నదాని కంటే ఎన్నో రెట్లు అణచివేతకి ఖర్చయింది. 1899లో మ్వాంగాను, పక్క రాజ్యం బున్యోరో రాజు కబలేగాను పట్టుకుని దూరంగా సేషెల్స్ దీవులకి పంపేశారు.

ఈ ఖర్చంతా లండన్ ఖజానా నుంచే. దీన్ని 'గ్రాంట్ ఇన్ ఎయిడ్' అనేవాళ్లు, అంటే లోటు పూడ్చడానికి ఇచ్చే సొమ్ము. అది తీసుకున్నంత కాలం ప్రొటెక్టరేట్ బడ్జెట్‌లో ప్రతి పద్దూ లండన్ ట్రెజరీ చూసి ఒప్పుకోవాల్సిందే. లండన్‌లో పట్టుదల ఒక్కటే: ఏ ప్రాంతం ఖర్చు ఆ ప్రాంతమే సంపాదించుకోవాలి. ఆ పని మీదే 1899లో సర్ హ్యారీ జాన్‌స్టన్‌ని ప్రత్యేక కమిషనర్‌గా పంపారు. ఖర్చు తగ్గించాలి, రాబడి పెంచాలి.

[తెర మీద: 1900 ఒప్పందం మొదటి పేజీ]

అప్పటి బుగాండా రాజు, అంటే కబాకా, దౌది చ్వా. వయసు నాలుగేళ్లు కూడా నిండలేదు. ఆయన తరఫున వ్యవహారం నడిపింది ముగ్గురు రీజెంట్లు. వాళ్లలో ముఖ్యుడు ప్రధానమంత్రి అపోలో కగ్వా. జాన్‌స్టన్‌కి తక్కువ ఖర్చుతో పన్ను వసూలు చేసిపెట్టే మనుషులు కావాలి. కగ్వాకీ, మిగతా పెద్దలకీ తమ పదవులు ఖాయం కావాలి. బేరం అక్కడ కుదిరింది.

జీతాలు ఇలా రాసుకున్నారు. కబాకాకి 18 ఏళ్లు నిండాక ఏడాదికి 1,500 పౌండ్లు. 20 సాజాలు, అంటే జిల్లాల్లాంటివి. ఒక్కో సాజా అధిపతికి 200 పౌండ్లు. అంటే 20 మందికీ కలిపి ఏడాదికి 4,000 పౌండ్లతో ఊరూరా పన్ను రాబట్టే యంత్రాంగం సిద్ధమైపోయింది. సాజా కింద గొంబొలోలా, దాని కింద ములూకా అనే అంచెలు తర్వాత స్థిరపడ్డాయి. ఉగాండాలోని మిగతా ప్రాంతాలకీ ఇదే పద్ధతి తీసుకెళ్లారు, చాలాచోట్ల బుగాండా మనుషుల్నే అధికారులుగా పెట్టి. బున్యోరో ప్రజలు 1907లో ఆ పరాయి అధిపతుల మీద ఎదురుతిరిగారు.

జీతాలతో బేరం అయిపోలేదు. అసలైనది భూమి. బుగాండా మొత్తం 19,600 చదరపు మైళ్లని ఒక అంచనా వేసుకున్నారు. సర్వే జరగలేదు, అంచనా మాత్రమే. అందులో 9,000 చదరపు మైళ్ల బీడు భూమి, 1,500 చదరపు మైళ్ల అడవి బ్రిటిష్ రాజ్యానికి. 350 కబాకాకి. 1,000 మంది అధిపతులకి, భూస్వాములకి తలా 8 చదరపు మైళ్ల చొప్పున 8,000. మైళ్లలో కొలిచి ఇచ్చారు కాబట్టి ఆ భూమికి 'మైలో' అనే పేరు పడింది.

రైతుకి ఎంత? ఏమీ లేదు. తాతల నాటి నుంచి అరటితోట పెంచుకుంటున్న మనిషి ఒక్క సంతకంతో వేరొకరి భూమిలో కౌలుదారైపోయాడు. ఒప్పందంలో ఈ అంకెలు చూసిన ప్రతిసారీ నాకు కడుపులో కలుక్కుమంటుంది. 1802లో మన ఉత్తర సర్కారుల్లో శాశ్వత శిస్తు పెట్టి జమీందార్లని స్థిరపరిచినప్పుడు జరిగింది గుర్తుకొస్తుంది. తేడా ఏమిటంటే ఇక్కడ పన్ను కట్టే బాధ్యత భూస్వామి మీద పెట్టలేదు. గుడిసెలో ఉండేవాడి మీదే పెట్టారు.

ఇంకో షరతు కూడా ఉంది. రోడ్లు బాగుచేయడానికి ప్రతి 3 ఇళ్లకీ ఒక మనిషిని సాజా అధిపతి పిలవొచ్చు, ఏడాదికి ఒక నెల మించకుండా. ఇదే తర్వాత 'లువాలో' అనే పేరుతో స్థిరపడింది. జీతం లేని పని. మన ఊళ్లలో దీన్ని వెట్టి అన్నాం. డబ్బిచ్చి అయినా సరే బలవంతంగా సర్కారు పనికి పట్టుకెళ్లే 'కసన్వు' అనే పద్ధతి వేరే ఉండేది, దాన్ని 1922లో రద్దు చేశారు. బడ్జెట్ లెక్కల్లో ఈ వెట్టి కనిపించదు. రోడ్డు వేయడానికి ఖజానా నుంచి పెద్దగా ఖర్చు కాలేదని కాగితం చెబుతుంది. ఆ ఖర్చు రైతు ఒంటి మీద పడింది.

[తెర మీద: వెండి రూపాయి ఒక పక్క, గవ్వల కుప్ప ఇంకో పక్క]

సరే, రూపాయి సంగతి. జాంజిబార్, మొంబాసా రేవులకి మన పడమటి తీరంతో ఎంతోకాలంగా వ్యాపారం ఉంది. రూపాయి ఆ దారిన వచ్చింది. రైల్వే పనికి వచ్చిన కూలీలు, దుకాణాలు పెట్టిన గుజరాతీ వ్యాపారులు దాన్ని లోపలిదాకా తీసుకొచ్చారు. అల్లీదినా విస్రామ్ అనే వ్యాపారి దుకాణాలు తీరం నుంచి ఉగాండా దాకా ఉండేవి.

కానీ మారుమూల ఊరి రైతు చేతిలో ఉన్నవి గవ్వలు. అప్పట్లో రూపాయికి 800 నుంచి 1,000 గవ్వలు. అంటే ఒక గుడిసె పన్ను కనీసం 2,400 గవ్వలు. మొదట్లో ప్రభుత్వం గవ్వలూ, మేకలూ, ధాన్యమూ తీసుకుంది. తీసుకున్నాక వాటిని ఏం చేయాలో అధికారులకే తోచలేదు. జీతాలు మేకల్లో ఇవ్వలేరు కదా. తర్వాత గవ్వలు వద్దన్నారు. తరాల తరబడి దాచుకున్న సొమ్ము పన్నుకి పనికిరాకుండా పోయింది. రూపాయి లేనివాళ్లు ఒక నెల సర్కారు పని చేసి పన్ను తీర్చుకోవాలన్నారు.

జనం ఏం చేశారు? పన్ను ఇంటికి కాబట్టి, ఒకే గుడిసెలో రెండు మూడు కుటుంబాలు సర్దుకున్నాయి. ప్రభుత్వం అది గమనించి, గుడిసె పన్ను కట్టని మగవాళ్ల మీద తలపన్ను వేసింది.

ఇవి మామూలు రోజులు కూడా కావు. 1900 తర్వాతి కొన్నేళ్లలో సరస్సు ఒడ్డున, దీవుల్లో నిద్రజబ్బు వ్యాపించి 2 లక్షలకు పైగా మనుషులు చనిపోయారు. మిగిలినవాళ్లని ఒడ్డు నుంచి ఖాళీ చేయించారు. పన్ను మాత్రం ఆగలేదు.

[తెర మీద: పత్తి చేను, తలమీద మూటలతో నడుస్తున్న మనుషులు]

మొంబాసాలో 1896లో మొదలైన ఉగాండా రైల్వే 1901 చివర్లో సరస్సు తీరంలోని కిసుముకి చేరింది. ఖర్చు సుమారు 55 లక్షల పౌండ్లు. పట్టాలు వేసింది దాదాపు 32,000 మంది మన దేశపు కూలీలు, ఎక్కువమంది పంజాబ్ వైపు వాళ్లు. దాదాపు 2,500 మంది ఇంటికి తిరిగి రాలేదు. 1902లో సరిహద్దు మార్చి కిసుము వైపు ప్రాంతాన్ని ఇప్పటి కెన్యాలో కలిపేశారు. దాంతో ఉగాండా రైల్వే పట్టా ఒక్కటీ ఉగాండాలో లేకుండా పోయింది. ఇప్పటి రాజధాని కంపాలాకి రైలు వచ్చింది 1931లో.

రైలొచ్చాక మూటలు మోసే కూలి పడిపోయింది, రూపాయి సంపాదించే పాత దారి మూసుకుపోయింది. మరి బండి ఎక్కించి అమ్మదగ్గ సరుకు ఏది? 1903లో కెన్నెత్ బోరప్ అనే క్రైస్తవ మిషన్ ఉద్యోగి పత్తి విత్తనాలు తెప్పించి అధిపతుల ద్వారా పంచాడు. 1904లో ఎగుమతి అయింది 54 బేళ్లు. పదేళ్లు తిరిగేసరికి ఉగాండా ఎగుమతుల్లో పత్తిదే మొదటి స్థానం. పన్ను కట్టాలంటే పత్తి వేయాలి. అధిపతి వేయమంటాడు, వేయకపోతే శిక్ష ఉండేది. 1908లో గవర్నర్ హెస్కెత్ బెల్ చట్టం తెచ్చి ఏ రకం విత్తనం వేయాలో కూడా ప్రభుత్వమే చెప్పేలా చేశాడు. 1915 ప్రాంతానికి లండన్ గ్రాంట్ ఆగిపోయింది. జాన్‌స్టన్‌కి అప్పజెప్పిన పని నెరవేరింది.

ఆ డబ్బు ఎటు పోయింది? ఎక్కువ భాగం అధికారుల జీతాలకి, పోలీసులకి, సైన్యానికి, రోడ్లకి. మెంగో ఆసుపత్రి 1897లో మిషన్ డాక్టర్ ఆల్బర్ట్ కుక్ మొదలుపెట్టింది. బడులు కూడా మిషన్లవే. ప్రభుత్వానికి సొంత విద్యాశాఖంటూ ఏర్పడింది 1925లో. పన్ను మొదలైన 25 ఏళ్లకి.

ఇక 1920లో రూపాయే మారిపోయింది. అంతదాకా పౌండుకి 15 రూపాయలు, అంటే రూపాయికి 1 షిల్లింగ్ 4 పెన్నీలు (పౌండుకి 20 షిల్లింగులు, షిల్లింగుకి 12 పెన్నీలు). వెండి ధర పెరిగి రూపాయి విలువ ఎగబాకడంతో ప్రభుత్వం పౌండుకి 10 రూపాయలని ఖాయం చేసింది. లెక్క వేసి చూడండి. పత్తిని లివర్‌పూల్‌లో పౌండ్లలో కొంటారు. ఒక పౌండు ధర పలికిన పత్తికి పాత లెక్కలో 15 రూపాయలు రావాలి, ఇప్పుడు 10 మాత్రమే. బాకీ, పన్ను మాత్రం రూపాయల్లో అలాగే ఉన్నాయి. 3 రూపాయల బాకీ 4 షిల్లింగుల నుంచి 6 షిల్లింగులైంది. వెంటనే రూపాయి స్థానంలో ఫ్లోరిన్ అనే నాణెం, ఆ వెనకే షిల్లింగ్ వచ్చాయి. ఇరవై ఏళ్ల కిందట గవ్వలు పోగొట్టుకున్న రైతు ఇప్పుడు మూడో డబ్బు నేర్చుకోవాల్సి వచ్చింది.

పత్తి రాబడి మీద పడే భారం పన్ను ఒక్కటే కాదు. మైలో యజమానులు కూడా వాటా పెంచుకుంటూ పోయారు. రైతులు గొడవ చేయగా 1928 నుంచి 'బుసూలు, ఎన్‌వుజ్జో' చట్టం అమల్లోకి వచ్చింది. బుసూలు అంటే భూమి అద్దె, ఎన్‌వుజ్జో అంటే పంటలో వాటా. రెండింటికీ హద్దు పెట్టారు, అద్దె ఏడాదికి 10 షిల్లింగులు దాటకూడదు. కౌలుదారుని ఊరికే వెళ్లగొట్టడానికి వీల్లేదు. ఆ కాలంలో రైతుకి దక్కిన గట్టి మేలు నాకు తెలిసి ఇదొక్కటే.

రెండో ప్రపంచ యుద్ధంలో ప్రభుత్వం పత్తి, కాఫీ తనే కొని, అమ్మిన ధరకంటే బాగా తక్కువ రైతుకిచ్చింది. మిగిలింది నిధుల్లో దాచింది, రైతుకి ధర పడిపోయినప్పుడు ఆదుకోవడానికని చెప్పింది. యుద్ధం అయ్యాక ధరలు పెరిగినా ఆ పద్ధతి పోలేదు. 1945లో అల్లర్లు, 1949లో ఇంకా పెద్దవి. 1949లో బుగాండా రాజధాని మెంగోలో కబాకా ముందుకు వెళ్లిన జనం ఏం అడిగారో చూడండి: మా పత్తి మేమే జిన్ను పట్టించుకుని మేమే అమ్ముకుంటాం, మా అధిపతుల్ని మేమే ఎన్నుకుంటాం. 1900 ఒప్పందంతో మొదలైన పద్ధతిలో రైతు చేతికి రానివి ఆ రెండూ.

[తెర మీద: ఇప్పటి కంపాలా శివార్లు, చిన్న ఇళ్లు, అరటి చెట్లు]

స్వాతంత్ర్యం 1962లో వచ్చింది. మైలో భూమి ఇంకా ఉంది. కంపాలా చుట్టుపక్కల చాలాచోట్ల పట్టా ఒకరి పేరున ఉంటుంది, ఇల్లూ తోటా ఇంకొకరివి. అలాంటి స్థలాన్ని 'కిబాంజా' అంటారు. 1998 భూమి చట్టం వాళ్లని ఖాళీ చేయించకుండా కాపాడుతుంది, బదులుగా వాళ్లు యజమానికి ఏడాదికోసారి నామమాత్రపు అద్దె కట్టాలి. ఆ అద్దెని ఇప్పటికీ బుసూలు అనే అంటారు. కట్టేది ఉగాండా షిల్లింగుల్లో. అడిగేటప్పుడు మాత్రం ఎన్సింబి అనే అడుగుతారు.