పోల్ డాన్స్‌లో తలకిందుల మూవ్‌లు: ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి జారకుండా మారడం ఎలా?

[తెర మీద: స్టాటిక్ పోల్ (తిరగని పోల్). ఒక డాన్సర్ తలకిందులుగా ఇన్‌సైడ్ లెగ్ హ్యాంగ్‌లో, అంటే పోల్‌కి దగ్గరగా ఉన్న కాలి మోకాలి మడతతో వేలాడుతూ ఉంది. అక్కడి నుంచి అవుట్‌సైడ్ లెగ్ హ్యాంగ్‌కి, అంటే రెండో కాలితో వేలాడటానికి మారుతుంది. సంగీతం లేదు, గదిలోని శబ్దాలే.]

ఆ చప్పుడు విన్నారా? చర్మం పోల్ మీద కీచుమని రాసుకుంది, వెంటనే ఒళ్ళంతా ఒక బెత్తెడు కిందికి జారింది. ఇంకోసారి వేస్తాను. ఈసారి కళ్ళు మూసుకుని వినండి.

[అదే క్లిప్ మళ్ళీ.]

రెండు మూవ్‌లూ బాగున్నాయి. విడివిడిగా ఫొటో తీస్తే వంక పెట్టలేం. మధ్యలో ఉన్న ఆ అర సెకను దగ్గరే తడబాటు. క్లాసులో నేను ఎక్కువగా చూసేది ఇదే. చాలామంది "నాకు బలం చాలట్లేదు" అనుకుని ఇంకా ఎక్కువ పుల్-అప్స్ మొదలుపెడతారు. బలం మంచిదే. కానీ రెండు మూవ్‌లనూ చెరో పది సెకన్లు పట్టుకోగలిగినవాళ్ళు కూడా మధ్యలో జారుతున్నారంటే, లోటు బలంలో లేదు. కాలు వదిలే క్షణం తప్పుతోంది.

[తెర మీద: మోకాలి వెనక మడత, పోల్. దగ్గరి షాట్.]

పోల్ మీద మనల్ని నిలబెట్టేది చర్మానికీ లోహానికీ మధ్య ఉండే రాపిడి. ఎంత గట్టిగా నొక్కితే రాపిడి అంత ఎక్కువ. కాలు పోల్‌కి తగిలినంత మాత్రాన అది మిమ్మల్ని మోస్తున్నట్టు కాదు. తగలడం వేరు, పట్టడం వేరు. కొత్త కాలు తగలగానే పాత కాలు తీసేస్తే, ఆ అర సెకను మీ బరువు ఎవరి చేతిలోనూ ఉండదు. కీచుమన్న చప్పుడు అదే. ఇంకా బరువు మోస్తున్న చర్మాన్ని లాగేస్తున్నాం.

నిద్రపోతున్న పసిపాపను ఒకరి చేతుల్లోంచి ఇంకొకరి చేతుల్లోకి ఎలా ఇస్తాం? అవతలివాళ్ళ చేతుల్లో బరువు పూర్తిగా కుదిరిందని తెలిసేదాకా మన చేతులు తియ్యం. ఇక్కడా అంతే.

[తెర మీద: డాన్సర్ నేల మీద నిలబడి ఉంది, పోల్ ఆమె కుడి పక్కన.]

ఇప్పుడు నెమ్మదిగా చేద్దాం. మీరు ఇన్వర్ట్ (పోల్ మీద తలకిందులు కావడం) నేర్చుకుని, రెండు లెగ్ హ్యాంగ్‌లూ విడిగా భయం లేకుండా చేస్తున్నారనే అనుకుంటున్నాను. అక్కడిదాకా రాకపోతే ఈ వీడియో కొన్నాళ్ళు ఆగుతుంది, తొందరేం లేదు. కింద క్రాష్ మ్యాట్ (మందపాటి పరుపు), పక్కన టీచర్‌గానీ స్పాటింగ్ (పడకుండా పట్టుకోవడం) తెలిసినవాళ్ళుగానీ తప్పకుండా ఉండాలి. బీపీ, గ్లాకోమా ఉన్నవాళ్ళు, గర్భిణులు డాక్టర్‌ని అడగకుండా తలకిందులు కావద్దు.

పోల్ మీకు కుడి పక్కన ఉందనుకోండి. పోల్‌కి దగ్గరగా ఉన్న కుడికాలు ఇన్‌సైడ్, ఎడమకాలు అవుట్‌సైడ్. జెమినీ, స్కార్పియో అనే పేర్లు కూడా మీరు వినుంటారు. ఏది దేనికన్నది స్టూడియోని బట్టి తారుమారవుతుంది, అందుకే నేను కాలి పేరుతోనే చెప్తాను.

[తెర మీద: సగం వేగంతో, పక్క నుంచి షాట్.]

కుడి మోకాలితో వేలాడుతున్నారు. ముందు రెండు చేతులూ పోల్ మీదికి తెచ్చి, మోచేతులు వంచి ఒంటిని పోల్‌కి దగ్గరగా లాక్కోండి. ఒళ్ళు పోల్‌కి దూరంగా ఉంటే కాలు మార్చడం చాలా కష్టం. ఇప్పుడు ఎడమకాలు తెచ్చి, మోకాలి వెనక మడతను కుడి మోకాలికి కాస్త పైన పోల్ మీద పెట్టండి. మడమను పిరుదు వైపు లాగండి. పోల్ ఆ మడతలో గట్టిగా ఇరుక్కోవాలి.

ఆగండి. ఈ వీడియో అంతా ఈ ఒక్క చోటు కోసమే.

[తెర మీద: రెండు మోకాళ్ళూ పోల్ మీద. చాలా దగ్గరి షాట్.]

కుడికాలు తియ్యకండి, పట్టు కొంచెం సడలించండి అంతే. ఒళ్ళు ఒక్క వేలంతైనా జారిందా? జారితే ఎడమకాలు ఇంకా మొయ్యట్లేదని అర్థం. మళ్ళీ బిగించి, ఎడమ మడమను ఇంకాస్త లాగి, మళ్ళీ సడలించి చూడండి. ఎడమ మోకాలి వెనక నొప్పి కాస్త పెరిగిందా, అక్కడ బరువు పడిందన్నమాట. కుడికాలు ఖాళీగా, తేలిగ్గా అనిపిస్తుంది. అప్పుడు తీయండి. చప్పుడు ఉండదు. కావాలంటే వినండి.

[తెర మీద: కుడికాలు పోల్ నుంచి విడివడుతుంది. నిశ్శబ్దం.]

తీసిన కాలిని విసరకండి. చాచి, పొడవుగా తీసుకెళ్ళండి. దాంతో పాటు కుడి తుంటిని పోల్ దాటించి ముందుకు తిప్పండి. పోల్ మీ నడుము పక్క మడతలో కూర్చుంటుంది. చేతులు ఎప్పుడు వదలాలి? నడుము కూడా పట్టిందని తెలిశాక. ఒక్కో చెయ్యిని కూడా కాలిని పరీక్షించినట్టే పరీక్షించి వదలండి.

వదిలే ప్రతిసారీ ఊపిరి బయటికి పంపండి. తలకిందులుగా ఊపిరి బిగబట్టి మూవ్ మార్చేవాళ్ళు చాలామంది. ముఖం ఎర్రబడుతుంది, మెడ బిగుస్తుంది, కదలిక చెక్కలా ఉంటుంది. చూసేవాళ్ళకి ఆ టెన్షన్ ముందు ముఖంలోనే తెలిసిపోతుంది.

[తెర మీద: అవుట్‌సైడ్ లెగ్ హ్యాంగ్ నుంచి బటర్‌ఫ్లై.]

ఇక్కణ్ణించి బటర్‌ఫ్లైకి వెళ్దాం, అంటే చేతులతో పోల్‌ని పట్టి ఒంటిని పోల్‌కి దూరంగా చాచే తలకిందుల మూవ్. ఇందులో బరువు చేతికి మారుతుంది. కింది చెయ్యి ముందు, తుంటి తర్వాత. కింది చేతిని పోల్ మీద బాగా కిందికి పెట్టి, పోల్‌ని దూరంగా నెట్టండి. పై చెయ్యి లాగుతుంది. భుజం కుంగిపోకూడదు, మోచెయ్యి వెనక్కి విరిగినట్టు లాక్ కాకూడదు. ఆ నెట్టుడు భుజం దాకా అందాక తుంటి తనంతట తానే పోల్ నుంచి విడివడుతుంది. తుంటిని ముందే బయటికి తోస్తే బరువంతా ఒక్కసారిగా మణికట్టు మీద పడుతుంది. మణికట్టు నొప్పితో నా దగ్గరికి వచ్చే చాలామందిలో నేను చూసిన తప్పు ఇదే.

[తెర మీద: స్పిన్ పోల్. డాన్సర్ కాళ్ళు దగ్గరకి తీసుకోగానే వేగం పెరుగుతుంది.]

స్పిన్ పోల్ (తిరిగే పోల్) గురించి ఒక్క మాట. చేతులూ కాళ్ళూ పోల్‌కి దగ్గరగా తెస్తే వేగం పెరుగుతుంది, చాచితే తగ్గుతుంది. కాలు మార్చేటప్పుడు రెండు కాళ్ళూ పోల్ దగ్గరే ఉంటాయి కదా, సరిగ్గా మనకి నిదానం కావాల్సిన చోటే పోల్ గిర్రున తిరుగుతుంది. అందుకని స్టాటిక్ మీద చప్పుడు లేకుండా వచ్చాకే స్పిన్ మొదలుపెట్టండి. స్పిన్‌లో మార్చే ముందు ఖాళీ కాలిని బాగా చాచి వేగం తగ్గించుకోండి, అప్పుడు లోపలికి తెండి.

[తెర మీద: తక్కువ ఎత్తులో ప్రాక్టీస్. డాన్సర్ చెయ్యి మ్యాట్‌కి అందుతోంది.]

ప్రాక్టీస్ ఎప్పుడూ తక్కువ ఎత్తులోనే. చెయ్యి చాస్తే మ్యాట్ అందాలి. నాలుగు అంకెలు లెక్కపెట్టుకుంటూ చెయ్యండి: ఒకటికి కొత్త కాలు తగలాలి, రెండుకి బిగించాలి, మూడుకి పాతది సడలించాలి, నాలుగుకి తియ్యాలి. మొదట్లో ఈ మూడో అంకె మీద ఎంతసేపు ఉన్నా పర్వాలేదు. అలవాటయ్యాక నాలుగూ కలిసిపోయి ఒకే కదలికలా కనిపిస్తాయి.

తర్వాత అదే దారిలో వెనక్కి రండి. అవుట్‌సైడ్ నుంచి ఇన్‌సైడ్‌కి. ఊపుతో నెట్టుకొచ్చినవాళ్ళు వెనక్కి రాలేరు. బరువు మార్చుకుంటూ వెళ్ళినవాళ్ళు ఎక్కడైనా ఆగగలరు, ఎటైనా రాగలరు. నాకు ఇంతకంటే నమ్మకమైన పరీక్ష దొరకలేదు. రెండో పక్క కూడా చెయ్యండి, అక్కడ ఇంకా నెమ్మదిగా.

ఒక సెషన్‌లో ఒక్కో పక్కకి నాలుగైదుసార్లు చాలు. చర్మం ఎర్రబడి చెమట పట్టాక పట్టు నమ్మదగ్గది కాదు. పోల్‌ని మధ్యమధ్యలో తుడవండి. ఆ రోజు కాళ్ళకి లోషన్ రాయకండి. చల్లబడిన పోల్ మీద పట్టు సరిగ్గా దొరకదు, చేతులతో రుద్ది కాస్త వెచ్చబెట్టండి.

ఫోన్ పక్కన పెట్టి వీడియో తీసుకోండి. మొదటిసారి పాట లేకుండా, శబ్దం పెంచి చూడండి. ఎక్కడ కీచుమంటుందో ఆ సెకను దగ్గర ఆపండి. పాత కాలు ఇంకా బిగుసుకునే ఉంటుంది, కొత్త కాలి మడమ వదులుగా ఉంటుంది. రేపు ప్రాక్టీస్ అక్కణ్ణించి మొదలుపెట్టండి.

[తెర మీద: డాన్సర్ ఒక చెయ్యి మ్యాట్ మీద ఆనించి, మోకాళ్ళు ముడుచుకుని, నెమ్మదిగా పాదాలు కిందికి దించుతుంది.]

దిగడం కూడా ఒక ట్రాన్సిషనే. ముందు చేతుల్లో బరువు, తర్వాత కాళ్ళ విడుదల. దిగగానే లేచి నిలబడకండి. తల ఆఖరున ఎత్తండి, ఒక నిమిషం మ్యాట్ మీదే కూర్చోండి.

[తెర మీద: డాన్సర్ మ్యాట్ మీద కూర్చుని, మోకాలి వెనక ఎర్రబడ్డ చోట అరచేత్తో నెమ్మదిగా రుద్దుకుంటోంది.]